యాడికి పోయొచ్చినావని అడిగే డాక్టరమ్మ

మా డాక్టరమ్మ పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను పులివెందులలో డ్యూటీలో ఉన్నాను. జమ్మలమడుగులో ఆమె ఆసుపత్రి పెట్టిననాటి నుంచీ ఉన్న కాంపౌండరు చేశాడు. పొద్దున కాఫీ తాగి, ఓపీకి పోదామని లేచి, మళ్లీ మంచం మీద కూర్చుందట. గుండె ఆగిపోయిందన్నాడు. వార్డులో ఇంకా ఇద్దరికి సెలైను పెట్టాల్సి ఉంది. పెట్టాను. తర్వాత స్టోరు రూములోకి వెళ్లి తలుపు దగ్గరకు వేసుకుని ఏడ్చాను. ఆ వరస కూడా ఆమె నేర్పిందే.

నర్సింగు పాసై నేను మొదట చేరింది ఆమె దగ్గర. ఆమె సర్జను. పుట్టి పెరిగింది సముద్రం ఒడ్డున. ఎందుకొచ్చిందో ఏమో మా ఎండల్లోకి వచ్చి, ఇక్కడే ఉండిపోయింది. మధ్యాహ్నం క్యారేజీ విప్పితే ఎండురొయ్యల వాసన ఆసుపత్రంతా తిరిగేది. మా అకౌంటెంటు శాకాహారి. పాపం, ఆ వేళకు ఆయనకు ఎప్పుడూ బయట ఏదో ఒక పని తగిలేది.

జ్వరమని వచ్చినా, గడ్డ లేచిందని వచ్చినా ఆమె మొదట ఏమైందని అడిగేది కాదు. "యాడికి పోయొచ్చినావు?" అని అడిగేది. మా మాటలో తనకు బాగా పలికింది ఆ ఒక్క వాక్యమే. మిగతాదంతా కోస్తా యాసే. కువైట్ నుంచి వచ్చినవాళ్లనైతే అక్కడ ఏ పని, గదిలో ఎంతమంది, నీళ్లు ఎక్కడివి అని తవ్వి తవ్వి అడిగేది. "ఏందమ్మా, కండక్టరు మాదిరి అడుగుతాండావు?" అని ఒక ముసలాయన ఎగతాళి చేస్తే, "జబ్బులు కూడా బస్సెక్కే వస్తాయి పెద్దాయనా, ఎక్కడ ఎక్కిందో తెలియకపోతే ఎక్కడ దించను?" అంది. వైద్యం సంగతి నాకు పుస్తకాల్లో అంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు.

ఆ ప్రశ్న విలువ మా ఇంటికే తెలిసింది. మా నాయన గొర్రెల కాపరి. మా ఊరు లింగాల పక్కన. ఎండాకాలం ఇక్కడ మేత దొరకదు కాబట్టి మావాళ్లు మందలు తోలుకొని తూర్పుగా, సముద్రం దిక్కుకు పోతారు. నేను జమ్మలమడుగులో చేరిన కొత్తల్లో నాయన కూడా పోయాడు. ఒక మధ్యాహ్నం, మందలో ఆయనకు తోడుగా ఉన్న మా మామ, నాయనను ప్రొద్దుటూరులో లారీ దింపి, ఆటోలో తెచ్చి మా ఆసుపత్రి ముందు దించాడు. ఒక కాలు మోకాలి దాకా వాచిపోయింది. దాని మీద నల్లటి బొబ్బలు. ఒళ్లు కాలిపోతోంది.

"పాము కరిసిందమ్మా, రక్తపింజరే. పాముమందు ఎక్కించండి" అన్నాడు మామ. గొర్రెల కాపరి కాలు నల్లబడితే మా వైపు ఎవరైనా అదే అంటారు. నేనూ అదే అనుకున్నాను.

డాక్టరమ్మ కాలంతా వెతికింది. కాటు లేదు. పిక్క కింద కంప గీసుకున్న గీత ఒకటి ఉంది. కాస్త రక్తం తీసి గాజు గొట్టంలో పోసి కదపకుండా నిలబెట్టింది. కాసేపటికి గొట్టం వంచి చూస్తే రక్తం గడ్డకట్టి ఉంది. పింజరి కరిస్తే సాధారణంగా అట్లా గడ్డకట్టదు. అప్పుడు మామ వైపు తిరిగి తన ప్రశ్న అడిగింది.

"యాడికి పోల్యామ్మా, గొర్రెల ఎనకాలే ఉంటిమి. ఉన్ని కత్తిరించాలని మొన్న కాలవలో దిగి వాటిని కడిగినాం."

"ఆ కాలవలో నీళ్లు ఉప్పగా ఉన్నాయా, తియ్యగానా?"

మామకు మండింది. "మనిషి సస్తాంటే నీళ్ల రుచి అడుగుతాండావేందమ్మా?"

కళ్లు మూసుకొనే నాయన జవాబు చెప్పాడు. "ఉప్పగుండె. గొర్రెలు మూతి పెట్టల్యా."

ఆమె ముఖం మారిపోయింది. తాగే అలవాటు ఉందా అని అడిగింది. ఎప్పుడో పండగకని మామ నసిగాడు. రోజూ తాగుతాడమ్మా అని నేను చెప్పాను. ఇంటి పరువు దాచుకునే సమయం కాదని ఆమె ముఖంలోనే తెలిసిపోయింది.

వెంటనే కాలు కోసి, చచ్చిన కండంతా తీసేయాలంది. మామ ఒప్పుకోలేదు. రేపు పొద్దున పెద్ద ఊరికి తీసుకపోతామన్నాడు. "కాలు పోతే గొర్రెలోడు ఎట్ల బతుకుతాడమ్మా?" అన్నాడు. నాయనకు నడక తప్ప వేరే బతుకు తెలియదు.

"రేపు చూద్దామనే మాట పెళ్లి సంబంధాలకు చెప్పుకోండి. ఇది గంట గంటకీ పైకి ఎక్కుతుంది. ఇప్పుడు కోస్తే కాలు కూడా మిగలొచ్చు. రేపు కోయడానికి మనిషే ఉండడు" అంది. తర్వాత నన్ను అడిగింది. "నువ్విప్పుడు నర్సువా, కూతురివా?"

"కూతుర్నే" అన్నాను.

"అయితే సంతకం పెట్టి బయట కూర్చో." గొంతులో కోపం లేదు. లోపలికి వేరే నర్సును పిలిచింది.

థియేటరుకు పోయేముందు ప్రొద్దుటూరులో ల్యాబు నడిపే భాయికి ఫోను చేసి, పుండులోంచి తీసిన నీరు పంపిస్తున్నాను, ఉప్పులో పెరిగే పురుగు కోసం చూడమంది. "ఏంది మేడమ్, పెన్నలోకి సముద్రం వచ్చిందా?" అని ఆయన నవ్వాడట. వచ్చిందనే అనుకోమంది. ఫలితం వచ్చేదాకా ఆగలేదు. డాక్సీసైక్లిను, దానికి తోడు సెఫ్టాజిడిము, రెండు యాంటీబయాటిక్ మందులూ అప్పటికే ఎక్కుతున్నాయి. భాయి ఫోను చేసి విబ్రియో అని చెప్పినప్పుడు, ఈసారి నవ్వలేదు.

విబ్రియో అంటే కలరా ఒక్కటే అనుకునేదాన్ని. నాయన జ్వరం దిగాక, డ్రెస్సింగు గదిలో టీ తాగుతూ మా నర్సులందరికీ ఆమె విడమరిచి చెప్పింది. "ఇది కలరా పురుగుకు దాయాది. ఇంటిపేరు ఒకటే, బుద్ధి వేరు. సముద్రపు నీళ్లు, నదులు కలిసే ఉప్పునీళ్లు వేడెక్కితే బాగా పెరుగుతుంది. సరిగ్గా ఉడకని చేపలు, గుల్లలు తిన్నవాళ్లకు చాలాసార్లు వాంతులు, విరేచనాలతో పోతుంది. అదే ఒంటి మీద గీసుకున్న చోటు నుంచి దూరి, తాగి లివరు చెడినవాళ్లకో, షుగరున్నవాళ్లకో రక్తంలోకి ఎక్కిందా, ఇక పట్టలేం. మనిషి నుంచి మనిషికి మామూలుగా అంటదు. వీళ్ల నాన్నను ముట్టుకోడానికి భయపడకండి." తను చదువుకునే రోజుల్లో చేపలు పట్టే ఒకాయన ఇట్లాంటి కాలుతోనే వచ్చాడని చెప్పింది. "పెద్దవాళ్లు తెల్లారి చూద్దామన్నారు. మేమూ ఆగాం. ఆయన ఆగలేదు." టీ చల్లారిపోయింది.

నాయన పిక్కలో సగం కండ పోయింది. తొడ మీది తోలు తెచ్చి అతికించింది. కాలు మిగిలింది. కుంటుకుంటూనైనా మళ్లీ మంద వెనక నడిచాడు. తాగుడు మానేశాడు. అమ్మ చెప్తే మానని మనిషి, డాక్టరమ్మ తిడితే మానేశాడని అమ్మకు ఇప్పటికీ ఉడుకుమోత్తనమే.

అప్పటి నుంచీ ఎండలు ముదరకముందే ఆమె సంతకు పోయి, తూర్పుకు పోయే కాపరులను పోగేసి మాట్లాడేది. ఉప్పునీళ్లలో దిగినాక కాలు వాస్తే అదే రోజు ఆసుపత్రికి పోండి, నీళ్లలో దిగినానని మీరే చెప్పండి, డాక్టరు అడిగేదాకా ఆగొద్దు అనేది. మొదటిసారి వాళ్లు నవ్వారు. నాయన పంచె ఎగ్గట్టి పిక్క చూపించాడు. నవ్వు ఆగిపోయింది. సర్జన్లు చాలామంది కోసి, కుట్టి, పంపించేస్తారు. ఆమె ఆ జబ్బు బయలుదేరిన చోటి దాకా వెనక్కి నడిచింది. అందుకే నాకు ఆమె అంటే అంత గౌరవం.

అస్థికలు వాళ్ల ఊరి సముద్రంలో కలుపుతారని తెలిసి, నేనూ వస్తానని నాయన పట్టుబట్టాడు. ఇద్దరం పోయాం. డాక్టరమ్మ తమ్ముడు కుండ పట్టుకుని మోకాటిలోతు నీళ్లలోకి నడిచాడు. అందరం ఆయన వెనక దిగాం. తిరిగి చూస్తే నాయన పొడి ఇసుకలోనే నిలబడి ఉన్నాడు.

"దిగు నాయనా, అందరూ దిగినారు" అని పిలిచాను.

మడమ తిప్పి చూపించాడు. కొత్త గీత, ఇంకా పచ్చిగానే ఉంది. "నిన్న కంప గీసుకున్యాది. పుండుంటే ఉప్పునీళ్లల్లో కాలు పెట్టొద్దని డాక్టరమ్మ నన్ను ఇంటికి పంపేటప్పుడు ఒట్టేయించుకున్యాది గదమ్మా. ఈ పొద్దు యెట్ల తప్పేది?"

కుండ నీళ్లలో వంగింది. ఒడ్డున నాయన రెండు చేతులూ జోడించాడు. అల వచ్చిన ప్రతిసారీ, జోడించిన చేతులు విడదీయకుండానే, కుంటుకుంటూ ఒక అడుగు వెనక్కి వేస్తున్నాడు.