రెండు వేళ్ళ వదులు

జబ్బు ఉందని తేలిన రోజున అంత సంబరపడిన మనిషిని ఆ ఆస్పత్రి మెట్లు అంతకుముందు చూసి ఉండవు. మాస్టరమ్మ ఎప్పటిలాగే రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి, పక్కవాటుగా దిగింది. ముఖం మాత్రం పరీక్ష పాసైన పిల్ల ముఖంలా వెలిగిపోతోంది. "లిపెడెమా, లిపెడెమా" అని నోట్లోనే అనుకుంటూ, మరిచిపోతానేమోనని సంచిలోంచి సుద్దముక్క తీసి మందుల చీటీ వెనక రాసుకుంది. ఆవిడ సంచిలో పెన్ను లేకపోవచ్చుగానీ సుద్దముక్క లేని రోజు ఉండదు.

ఆవిడ యూనిఫాంలు కుట్టే కార్ఖానాలో కటింగ్ మాస్టరు. మగవాడైతే మాస్టరు అని ఊరుకునేవాళ్ళు, ఆడమనిషి కాబట్టి వెనక 'అమ్మ' తగిలించారు. పొడవాటి బల్ల మీద గుడ్డ పొరలు పొరలుగా పరిచి, పైపొర మీద సుద్దతో గీసి, కరెంటు కత్తితో ఒకేసారి అరవై చొక్కాలకు సరిపడా ముక్కలు కోస్తుంది. మనుషుల కొలతలు తీసేదీ ఆవిడే. ఇరవై రెండేళ్ళుగా అదే పని. మనిషి గుమ్మం దాటి లోపలికి వచ్చేలోపు నడుమెంతో, భుజమెంతో చెప్పేస్తుంది.

అంతటి మనిషి తన కాళ్ళ కొలత మాత్రం ఏనాడూ తీసుకోలేదు. తుంటి నుంచి చీలమండ దాకా లావుగా, గట్టి బరువుతో ఉండే కాళ్ళు. కింద పాదాలు మాత్రం చిన్నవి, వేరే ఎవరివో తెచ్చి అతికించినట్టు. వేలితో నొక్కితే ప్రాణం పోతుంది, బల్ల అంచు తగిలితే చాలు నల్లగా కమిలిపోతుంది. చూసినవాళ్ళంతా చెప్పింది ఒకటే, తిండి తగ్గించమని. తగ్గించింది కూడా. ముఖం పీక్కుపోయింది, మెడ ఎముకలు తేలాయి, కాళ్ళు మాత్రం ఉలకలేదు, పలకలేదు.

"ఇది మీరు తిని తెచ్చుకున్నది కాదమ్మా" అన్నాడు డాక్టరు ఆ రోజు. "కాళ్ళలో కొవ్వు చేరే తీరే వేరు. చాలామందికి ఇంట్లో పెద్దవాళ్ళ నుంచి వస్తుంది. ఆపరేషన్ ఒకటుంది, కానీ ముందు అది లేకుండా ఎంత సుఖంగా ఉండొచ్చో చూద్దాం."

"అలాగే చూద్దాం డాక్టరుగారూ. గుడ్డలు కొయ్యడం నా పని. నన్ను కొయ్యడం ఎవరి పనీ కాదు" అంది మాస్టరమ్మ. మిగతా మాటలు వింది గానీ, 'తిని తెచ్చుకున్నది కాదు' అన్న మాట దగ్గరే ఆవిడ మనసు గంతులేస్తోంది.

ఇంటి గుమ్మంలోంచే కేక వేసింది. "అత్తయ్యా! నేను తిండిపోతుని కాదట! డాక్టరే చెప్పాడు!"

కళ్ళజోడు తుడుచుకుంటున్న అత్తగారు తలెత్తారు. "ఎవరన్నారే నిన్ను తిండిపోతువని?"

"మీరే!"

"నేనా? నేను కాస్త తగ్గించి తినమన్నానంతే. సర్లే, పేరు దొరికింది బాగానే ఉంది. పేరుతో నొప్పి పోతుందా?"

అసలు ప్రశ్న అదే. ఎందుకంటే వారం క్రితమే ఓనరు గడువు పెట్టాడు. మధ్యాహ్నం దాటితే మాస్టరమ్మ బల్ల మీద మోచేతులు ఆనించడం, గుడ్డ బేళ్ళ మీద కూలబడడం ఆయన కనిపెట్టాడు. "వచ్చే నెల కాదు, ఆపై నెల ఒకటో తారీఖు నుంచి నర్సుల యూనిఫాంల కోత మొదలు. పన్నెండు రోజుల పని. నువ్వు నిలబడగలవా లేదా, అది చెప్పమ్మా. కష్టమైతే బొత్తాల బల్ల దగ్గర కుర్చీ వేయిస్తాను, కత్తి ఇంకొకరికి ఇస్తాను" అన్నాడు. తిట్టినా బాగుండేది. జాలిగా అన్నాడు, అదే ఆవిడకి ఒళ్ళు మండించింది. ఇరవై రెండేళ్ళు కత్తి పట్టిన చెయ్యి ఇక బొత్తాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలా? చేతిలో ఆరు వారాలున్నాయి.

డాక్టరు పంపిన చోట ఫిజియోథెరపీ అమ్మాయి ఉంది. చూడ్డానికి కాలేజీ పిల్లలా ఉన్నా మాటలో తడబాటు లేదు. "కాళ్ళు సన్నబడతాయని ఆశపెట్టను ఆంటీ. నొప్పి తగ్గుతుంది, కాళ్ళు ఈడ్చినట్టుండడం తగ్గుతుంది, రోజు హాయిగా గడుస్తుంది. నీళ్ళలో నడవాలి. రోజుకి రెండుసార్లు కాళ్ళు పైకి పెట్టుకుని పడుకోవాలి. చర్మం మీద తేలిగ్గా నిమరడం నేర్పిస్తాను, గట్టిగా పిసకకూడదు. అన్నిటికంటే ముఖ్యం, కాలికి అంటుకుపోయేలా అల్లే బిగుతు మేజోళ్ళు. అవి మీ కొలతకే అల్లించాలి."

కొలత అన్న మాట వినగానే మాస్టరమ్మకి ప్రాణం లేచొచ్చింది.

మొదట నీళ్ళ సంగతి. ఈతకొలనులో పొద్దున ఆరింటికి ఆడవాళ్ళకి ఒక గంట ఇస్తారు. పదిహేడేళ్ళ వయసు నుంచి మోకాలు ఎవరికీ చూపించని మనిషి, ఎవరైనా తేరిపార చూస్తే ఉరమడానికి అత్తగారిని వెంటబెట్టుకుని వెళ్ళింది. ఛాతీ లోతు నీళ్ళలోకి దిగి నాలుగు అడుగులు వేసిందో లేదో, "అత్తయ్యా! నా కాళ్ళు లేవు!" అని అరిచింది. గట్టు మీద కాపలా ఉన్నావిడ కంగారుపడి ఈల ఊదింది. జరిగిందల్లా ఏమీ లేదు, ఇన్నేళ్ళలో మొదటిసారి కాళ్ళ బరువు తెలియలేదు. గంట అయిపోయాక కూడా పైకి రానని మొండికేస్తే అత్తగారు తువ్వాలు పట్టుకుని బతిమాలాల్సి వచ్చింది.

ఇక మేజోళ్ళు. ఒక్కో కాలికి తొమ్మిది చోట్ల కొలత తీసి, కాగితం నింపి కంపెనీకి పంపాలి. "బుధవారం పొద్దున ఎనిమిదింటికి రండి, నేను కొలుస్తాను" అంది ఫిజియో అమ్మాయి.

"నువ్వా? నన్నా?" మాస్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "నువ్వు పుట్టకముందు నుంచి టేపు నా మెడలో ఉందమ్మా. ఆ కాగితం ఇలా ఇవ్వు."

"పొద్దున్నే తియ్యాలి ఆంటీ, టేపు..."

ఆ తర్వాతి మాట వినలేదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేసింది. సాయంత్రం పని నుంచి రాగానే తలుపు వేసుకుని తన కాళ్ళు తనే కొలుచుకుంది. అంకెలు ముత్యాల్లా రాసింది. మర్నాడు తనే పంపించింది.

రెండు వారాలకి డబ్బా వచ్చింది. మాస్టరమ్మ ఆనందం చూడాలి! మందపాటి మేజోళ్ళు, ఒక్క ముడత లేని పనితనం. గుడ్డ తెలిసిన చెయ్యి కదా, తిప్పి తిప్పి చూసి, "అల్లిక అంటే ఇదీ" అని అత్తగారి ముందు మెచ్చుకుని మెచ్చుకుని తొడుక్కుంది. మొదటి రోజు మధ్యాహ్నానికి మోకాలి వెనక ముడతలు పడ్డాయి. రెండో రోజు తొడ దగ్గర నుంచి జారడం మొదలెట్టాయి. మూడో రోజు బేళ్ళ చాటున నిలబడి ఏడుసార్లు పైకి లాక్కుంది. నాలుగో రోజు సాయంత్రానికి కాళ్ళు ఎప్పటికంటే ఎక్కువ సలిపాయి. గడువుకి మూడు వారాలు కూడా లేవు.

మేజోళ్ళు సంచిలో కుక్కుకుని సరాసరి ఫిజియో అమ్మాయి మీదికి వెళ్ళింది. "మీ కంపెనీ వాళ్ళకి అంకెలు చదవడం వచ్చా? నేను పంపిన కొలత ఏమిటి, వాళ్ళు పంపింది ఏమిటి?"

ఆ అమ్మాయి ముందు మేజోడు కొలిచింది. కాగితంలో ఉన్నట్టే ఉంది. తర్వాత టేపు తీసి మాస్టరమ్మ కాలు కొలిచింది. ప్రతిచోటా అంగుళం, అంగుళంపావు తేడా.

"మీరెలా కొలిచారో ఒకసారి చూపించండి ఆంటీ."

మాస్టరమ్మ విసురుగా టేపు లాక్కుని పిక్క చుట్టూ తిప్పింది. తిప్పి, కొస పట్టుకుని అంకె చూడబోయే ముందు, ఇరవై రెండేళ్ళుగా ప్రతి నడుముకీ ప్రతి ఛాతీకీ చేసినట్టే, చూపుడు వేలూ మధ్య వేలూ టేపు కింద దూర్చింది. ఊపిరి ఆడాలి, చెయ్యి ఎత్తినా కుట్టు తెగకూడదు కదా. రెండు వేళ్ళ వదులు లేకుండా కొలత తీసినవాడు దర్జీయే కాదు.

ఇద్దరూ ఆ రెండు వేళ్ళ వంక చూశారు.

"అయ్యో నా తెలివి తెల్లారా!" అంది మాస్టరమ్మ. ముందు నవ్వు తన్నుకొచ్చింది, తర్వాత సిగ్గు, ఆ తర్వాత మళ్ళీ నవ్వు. ఫిజియో అమ్మాయి బల్ల పట్టుకుని నవ్వుతోంది. "పైగా సాయంత్రం కొలిచానే తల్లీ, కాళ్ళు ఉబ్బి ఉన్నప్పుడు!"

తప్పు దొరికింది, అదే పెద్ద పండగ. పదిహేను రోజుల్లోగా తిప్పి పంపితే కంపెనీ ఇంకోసారి అల్లి ఇస్తుంది. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి, ఆవిడ చేతులు రెండూ వెనక్కి కట్టుకుని బుద్ధిగా నిలబడింది. కొలిచింది ఫిజియో అమ్మాయి.

కొత్త జత గడువుకి రెండు రోజుల ముందు వచ్చింది. రబ్బరు గ్లోవ్స్ వేసుకుని, పాదం నుంచి కొంచెం కొంచెంగా పైకి నిమురుకుంటూ తొడుక్కోవాలి. మొదటిసారి ఇరవై నిమిషాలు పట్టింది. అత్తగారు ఒక పక్క, కోడలు ఒక పక్క, ఇద్దరికీ చెమటలు పట్టాయి. "ఇది మేజోడా, పగవాడి పట్టా?" అన్నారు అత్తగారు. తొడుక్కుని లేచి నిలబడ్డాక మాస్టరమ్మ గది ఆ చివర దాకా నడిచింది. తిరిగి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. పోగులు పోగులుగా విడిపోతున్న కాళ్ళని ఎవరో రెండు చేతులతో దగ్గరకి పట్టుకున్నట్టుంది. "అత్తయ్యా, బిగుతులో ఇంత సుఖముందని ఇన్నేళ్ళూ నాకు తెలీదు" అంది చివరికి.

ఒకటో తారీఖు వచ్చింది. అదేపనిగా కదలకుండా నిలబడడం మంచిది కాదని ఫిజియో అమ్మాయి ముందే చెప్పింది. అందుకని మాస్టరమ్మ పనిని తనకి తగ్గట్టు కత్తిరించుకుంది. గీతలు గీసేటప్పుడు ఎత్తు స్టూలు మీద, కత్తి పట్టినప్పుడు నిలబడి, పొరలు సరిచూసేటప్పుడు బల్ల చుట్టూ తిరుగుతూ. మధ్యాహ్నం పావుగంట బేళ్ళ మీద కాళ్ళు పెట్టుకుని పడక.

పదకొండింటికి ఓనరు వచ్చాడు. "ఏమ్మా, కూర్చున్నావు?"

"గీత గీస్తున్నాను సార్. గీతకి కాళ్ళతో పని లేదు. కత్తి పట్టినప్పుడు నిలబడతాను, చూడండి."

ఆయన కోసిన కట్టలోంచి పైముక్క, అడుగుముక్క తీసి ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు. ఆవిడ తన జబ్బు సంగతి ఆయనకి ముందే చెప్పి ఉంది. ఆ కాళ్ళ వైపు చూసి, "పాదాలకి మాత్రం రాదా ఇది?" అని అడిగాడు. రాదని చెప్పింది. నాలుగో రోజు మళ్ళీ వచ్చాడు. "తిండి తగ్గిస్తే తగ్గదా?" అన్నాడు. మాస్టరమ్మకి ఎక్కడ మండాలో అక్కడ మండింది, ఆ పూట కార్ఖానా అంతా వినేలా సమాధానం చెప్పింది. ఏడో రోజు, "ఏ వయసులో మొదలైంది?" అని అడిగాడు.

"నన్ను తప్పించడానికి కాగితాలు తయారు చేస్తున్నాడు అత్తయ్యా. లేకపోతే ఈ ఆరాలన్నీ ఎందుకు?" అంది ఆవిడ ఇంట్లో. ఆ భయంతోనే మరింత పట్టుగా పనిచేసింది. నొప్పి పూర్తిగా పోలేదు. ఉంది, కానీ ఆవిడ మాట వింటోంది. పన్నెండో రోజు నాలుగింటికి ఆఖరి పొర కోసి కత్తి ఆపినప్పుడు కుట్టు మిషన్లవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. మాస్టరమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, "చాల్లెండి, పని చూసుకోండి" అని కసిరింది.

అప్పుడే ఓనరు గదిలోకి రమ్మని కబురొచ్చింది. యుద్ధానికి సిద్ధపడే వెళ్ళింది. ఆయన కుర్చీ చూపించాడు. కూర్చోలేదు.

"కత్తి నీదేనమ్మా. వచ్చే ఆర్డరూ నువ్వే కొయ్యి. నేను తొందరపడ్డాను" అన్నాడు.

ఆవిడ గుండె మీంచి ఒక పెద్ద బరువు దిగింది. వెళ్ళబోతుంటే ఆయన మళ్ళీ పిలిచాడు. ఈసారి గొంతు తగ్గింది. "ఆ డాక్టరు ఎక్కడుంటాడు? మా అమ్మాయికి పదిహేడు. కాళ్ళు అచ్చం నువ్వు చెప్పినట్టే. బయటికి రావడం మానేసింది. మూడు నెలల్నుంచి సరిగ్గా తినడం లేదు. నేనే చెప్పాను, తగ్గించమని."

మాస్టరమ్మకి ఎంత కోపం వచ్చిందో అంత జాలీ వేసింది. ఆ పిల్ల ముఖం ఎలా పీక్కుపోయి ఉంటుందో చూడకుండానే తెలుసు ఆవిడకి.

"అదో కాదో డాక్టరు చెప్పాలి సార్, నేను కాదు. రేపు పొద్దున నేనే తీసుకెళ్తాను. ముందు మీరు ఫోన్ చెయ్యండి."

"డాక్టరుకా?"

"మీ అమ్మాయికి. ఇప్పుడే, కడుపునిండా తినమని చెప్పండి. నీ తప్పేం లేదని మీ నోటితోనే చెప్పండి."

ఓనరు ఫోన్ తీశాడు. అవతల ఆ పిల్ల ఎత్తేదాకా మాస్టరమ్మ అక్కడే నిలబడింది.