రెండు చుక్కల పెట్టె

నా పరువు పోయిన రోజులన్నిటికీ పోటీ పెడితే, మా నాన్న రిటైరైన రోజుకు ఎదురు నిలిచే రోజు లేదు. పోయింది నా పరువొక్కటే అయితే నవ్వి ఊరుకునేవాణ్ని. దాంతోపాటు నాన్న అడిగిన ఒకే ఒక్క కోరిక కూడా పొగైపోయింది. మాటవరసకు అనడం లేదు, నిజంగానే పొగ వచ్చింది. మీరు నవ్వండి, నేను ఏమీ అనుకోను. ఆ రోజు నవ్వినవాళ్ల ముందు మీరెంత!

అప్పట్లో నేను పగలు విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో ఉద్యోగం చేస్తూ, సెలవు రోజుల్లో ఆర్కెస్ట్రాలో పాటకు అడుగు స్వరాలిచ్చే బాస్ గిటార్ వాయించేవాణ్ని. "బాసంటే పప్పులో ఇంగువలాంటిదిరా" అని మా కీబోర్డు గణేష్ ఓదార్చేవాడు. ఇంగువకైనా వాసనుంటుంది. నా వాయింపుకు అదీ లేదు. పెళ్లిలో, పూజ పందిట్లో, ఎక్కడ వాయించినా జనం నన్ను గిటార్ మోయడానికి వచ్చినవాడనుకునేవారు.

మా నాన్న అప్పలస్వామి రైల్వే కార్ఖానాలో పెయింట్ షాపు మనిషి. బోగీల మీద పేర్లు, నంబర్లు రాయడం ఆయన పని. ఆ చెయ్యి ఇంటికొచ్చినా ఊరుకునేది కాదు. నిమ్‌పురాలోని మా రైల్వే క్వార్టర్లో బకెట్టు మీద, గొడుగు మీద, పీట మీద పసుపు రంగుతో పేరూ తేదీ ఉండేవి. చిన్నప్పుడు నేను కాసేపు కదలకుండా కూర్చుని ఉంటే నా వీపు మీద కూడా రాసేసేవాడే.

ఆయన నా ప్రోగ్రాములకు తప్పకుండా వచ్చేవాడు. ముందు వరసలో కూర్చునేవాడు. అయ్యాక ప్రతిసారీ ఇదే సంభాషణ.

"ఏట్రా, నువ్వూ వాయించినావా?"

"రెండు గంటలు వాయించినాను నాన్నా."

"గణేషుది ఇనపడినాది. డ్రమ్ములోడిది ఇనపడినాది. నీదేటి, నాకు ఇనపళ్లేదు?"

"బాసు అలాగే ఉంటాది. అది కింద ఉంటాది నాన్నా."

"కిందంటే? స్టేజీ కిందా?"

రిటైర్మెంటుకు రెండు నెలలుందనగా ఒకరోజు అన్నం తింటూ అన్నాడు. "కార్ఖానాలో ఇన్నేళ్లు సుత్తి దెబ్బలు ఇన్నాను. కొడుకు వాయించింది మాత్రం ఇనలేదు. రిటైరయ్యే రోజు నీ పార్టీయే వాయించాల. నీది నాకు ఇనపడాల. ఇంకేటీ వద్దు నాకు."

బుర్ర ఉన్నవాడైతే ఇంకో గంట సాధన చేస్తాడు. నేను నేరం మోపడానికి ఇంకొకరి కోసం వెతికాను. నోరులేని నా ఆంప్లిఫయర్ దొరికింది.

అది గోల్‌బజార్‌లో బాపీదా సౌండు సామాన్ల దుకాణంలో కొన్న పేరులేని నల్ల పెట్టె. కొన్నరోజే నాన్న బ్రష్షు పట్టుకుని వచ్చాడు. "బయట రాయకు నాన్నా, స్టేజీ మీద పరువు పోతాది" అని గోల పెట్టాను. ఆయన ముఖం చిన్నబోయింది. కానీ మానలేదు. వెనక పలక విప్పి, లోపల ఎవరికీ కనపడని చోట ఏదో రాసి, మళ్లీ బిగించేశాడు. నేను దాన్ని చదవను కూడా లేదు. ఈ ముక్క మీరు గుర్తుపెట్టుకోండి, నేను మరిచిపోయాను.

బాపీదా, అంటే బాపీ అన్న, బెంగాలీ అయినా ఆ ఊళ్లో స్థిరపడ్డ మా తెలుగువాళ్ల మధ్యే పుట్టి పెరిగాడు. తెలుగు మాలాగే మాట్లాడతాడు, అబద్ధం మాకంటే బాగా ఆడతాడు. నా బాధంతా విని, నా పెట్టె వైపు జాలిగా చూశాడు.

"పేరు లేని పెట్టెకి గొంతెక్కడిది రమణా? ఇది సూడు."

ఫోన్లో ఒక బొమ్మ చూపించాడు. బూడిదరంగు గుడ్డ, మెరిసే మూలలు, ముందు ఇత్తడి బిళ్ల మీద ఏదో విదేశీ పేరు. అందులో ఒక అక్షరం నెత్తిన రెండు చుక్కలు.

"దీన్ని ఎలాగ పలకాలి దాదా?"

"పలకలేవు. అదే దాని గొప్ప."

"ఆ సుక్కలేటి?"

"అవే సౌండు."

ధర నా పాత పెట్టెకు మూడింతలు. పాతది ఇచ్చేస్తే కొంత తగ్గిస్తానన్నాడు, కొత్తది పదిహేను రోజుల్లో వస్తుందన్నాడు. అంత దూరం నుంచి పదిహేను రోజుల్లోనే వస్తోందని మురిసిపోయి, పాత పెట్టెను నా చేతులతోనే ఆయన దుకాణం వెనక గదిలో పెట్టి వచ్చాను.

పదహారో రోజు రెండు చుక్కల పెట్టె ఇంటికొచ్చింది. నాన్న దాన్ని ఒకసారి ఎత్తి దించాడు. పైన అరచెయ్యి ఆన్చి, "ఏదీ, ఒకపాలి వాయించు" అన్నాడు. వాయించాను.

"ఇది మన పెట్టెలాగే ఉన్నాదిరా. బరువూ అదే, వొణుకూ అదే."

"నీకేటి తెలుసు నాన్నా? నీకు బాసే ఇనపడదు కదా!"

ఆయన చెయ్యి తీసేశాడు. ఆ చెయ్యి తీసేసిన తీరు ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది.

గణేష్ మాత్రం కళ్లు మూసుకుని విన్నాడు. "అబ్బ! ఏటి గంభీరం! పాతదాన్లో ఇదెక్కడుందిరా?" అన్నాడు. నాకైతే సముద్రమే వినిపించింది. మనిషి చెవులు తల పక్కన ఉంటాయంటారు కానీ, నా చెవులు ఆ ఇత్తడి బిళ్ల మీద ఉన్నాయి.

రిటైర్మెంటు రోజు సాయంత్రం పెయింట్ షాపువాళ్లంతా నాన్నను దండలతో, డప్పులతో ఊరేగిస్తూ క్వార్టర్ దాకా తెచ్చారు. షామియానా కింద ముందు వరసలో కూర్చోబెట్టారు. మైకులు బాపీదావే కాబట్టి ఆయనా ఉన్నాడు, చేతిలో రసగుల్లాల గిన్నెతో. నాన్న దండలు తీసి ఒళ్లో పెట్టుకుని, చెవి నా వైపు తిప్పి కూర్చున్నాడు.

ఆ చెవిని చూశాక నాకు ఆవేశం వచ్చింది. ఉన్న మీటలన్నీ చివరిదాకా తిప్పేశాను.

మొదటి పాట సగంలో పెట్టె గుర్రుమంది. తర్వాత గురక పెట్టింది. తర్వాత గుడ్డలోంచి సన్నగా పొగ లేచింది. ముందు వరసలో ఒకావిడ అగరొత్తులనుకుని చేతులు జోడించింది. ఆ తర్వాత పెట్టె నోరు మూసేసింది.

"స్విచ్చాపండి!" అంటూ నాన్న స్నేహితుడు తాతారావు మామ స్క్రూడ్రైవరుతో స్టేజీ ఎక్కాడు. వెనకవైపు కొత్త రెగ్జిను చించి, పలక విప్పి, లోపలికి తొంగిచూశాడు.

"ఒరే అప్పలస్వామీ! ఇలాగ రా. ఈ రాత నీదేనేటి?"

పెయింట్ షాపు మొత్తం స్టేజీ ఎక్కింది. నాన్న అక్షరం గుర్తుపట్టని వాడు అందులో ఎవడూ లేడు. విదేశం నుంచి వచ్చిన నా పెట్టె కడుపులో, పసుపు రంగు గుండ్రటి తెలుగు అక్షరాలు. వ్యాగన్ల మీద హెచ్చరిక రాసినట్టే రాసి ఉంది: "రమణ. గట్టిగా తొయ్యరాదు."

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. నేను మా ఇంటి కూరనే పొరుగింటి నుంచి మూడింతల ధరకు తెచ్చుకుని, ఆహా అని లొట్టలేశాను! నవ్వు మొదలైంది. షామియానా గుంజలు కూడా నవ్వినట్టే అనిపించింది నాకు.

"ఏటి దాదా ఇది?" అన్నాను. ఏడుపొస్తోంది.

బాపీదా ఆ రసగుల్లా మింగడానికి చాలాసేపు తీసుకున్నాడు. "సూడు భాయ్, ఆ పెద్ద కంపెనీలోళ్లూ ఎవడి దగ్గరో పెట్టె కొని పేరేసుకునీవోళ్లే. నానూ అదే సేసినాను. దారి కొంచెం తగ్గించినాను, అంతే."

నాన్న కోప్పడలేదు. కాలిన వైర్లు చూశాడు, చిరిగిన రెగ్జిను వేలితో తడిమాడు. "మేవూ పాత బోగీకి కొత్త రంగేస్తాం బాపీ. గాని సెక్రాలు సూసి ఏస్తాం. నువ్వు అందానికని గాలి కన్నాలు మూసీసినావు. అది ఊపిరాడక సచ్చిపోనాది."

ప్రోగ్రాము ఆగలేదు. బాస్ లేకుండానే మిగతా పాటలన్నీ అయిపోయాయి. జనం చప్పట్లు కొట్టారు, లేచి ఆడారు. బాస్ లేదని ఒక్క ప్రాణి కూడా గమనించలేదు. నేను స్టేజీ మెట్ల మీద తల వంచుకుని కూర్చున్నాను. బతుకంతా వాయించినా ఇంతేనా అనిపించింది.

అంతా అయ్యాక నాన్న వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఈ రోజు పాటలేటోగా ఉన్నాయిరా."

"ఎలాగున్నాయి?"

"కింద నేల లేనట్టున్నాయి. పాడతన్నారు, గాని దేని మీద నిలబడతన్నారో తెల్లేదు." చేతిలోని దండలు ఒళ్లో పెట్టుకుని అన్నాడు. "అయితే ఇన్నాళ్లూ నీది నాకు ఇనపడతానే ఉండీదన్నమాట."

ఆయన కోరిక తీరాల్సిన రోజునే నా చేతులతో ఆ పెట్టె ఊపిరి తీసేశాను. ఆయన దండలో ముఖం పెట్టి ఏడ్చాను. బంతిపూల వాసన ఎక్కడ తగిలినా నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు పొద్దున్నే నాన్న బ్రష్షు తీశాడు. రిటైరయ్యాక ఆయన చేసిన మొదటి పని అదే. ఇత్తడి బిళ్ల పీకేసి, ఆ చోట ఊరంతా చదివేంత పెద్దగా "రమణ. గట్టిగా తొయ్యరాదు" అని రాశాడు. ఈసారి నేను వద్దనలేదు. తర్వాత లోపల కూడా ఏదో రాసి, పలక నా చేతికిచ్చి, "బిగించు. ముందు సదువు" అన్నాడు.

చదివాను. కాబట్టి గోల్‌బజార్ సాక్షిగా, ఆ బిళ్ల మీది రెండు చుక్కల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: వెనక పలక విప్పి చూడందే, దాని మీద నాన్న చెయ్యి పెట్టందే, ఈ జన్మలో పెట్టె అన్నది కొనను. నేను మరిచిపోయినా భయం లేదు. పాత రాత కింద, పసుపు రంగుతో, తేదీతో సహా ఉంది: "మళ్లీ కొనరాదు."