బాపు లెక్కలో లేని వాక్యం

మొన్న ఉగాదినాడు జనగామలో మా చిన్నమ్మాయి ఇంట్లో పచ్చడి తింటూ టీవీ చూశాను, చూసినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. ఒక పార్టీ ఆఫీసులో ఒక సిద్ధాంతిగారు, ఇంకో పార్టీ ఆఫీసులో ఇంకొకాయన, మూడోదాంట్లో మూడో ఆయన, ముగ్గురూ పట్టుకండువాలు సవరించుకుంటూ, అవే తొమ్మిది గ్రహాలను పట్టుకుని ముగ్గురు వేరువేరు మనుషులకు రాజయోగం కట్టబెట్టారు. ఎవరు శాలువా కప్పితే గురుడు వాళ్లవైపే చూస్తున్నాడట. ఆ ముగ్గురినీ వరసగా కూర్చోబెట్టి, ఏ పుస్తకమూ చూడకుండా, రేపు జనగామలో సూర్యుడు ఎన్నింటికి ఉదయిస్తాడో కాగితం మీద లెక్కకట్టి చూపించమంటే ఒక్కరి పెన్ను కూడా కదలదు. లెక్క కట్టడం ఒక పని, జోస్యం చెప్పడం ఇంకో పని అని తెలిసిన మనుషులు మన ఊళ్లలో ఒకప్పుడు ఉండేవారని మా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది. మా బాపు, అంటే మా నాన్న, అలాంటివాడు.

మేము అప్పుడు మహబూబాబాదులో ఉండేవాళ్లం. మానుకోట అంటేనే మాకు నోటికి అలవాటు. బాపు ఏటా పంచాంగం లెక్క కట్టి, చేత్తో ప్రతులు రాసి, అడిగిన ఊళ్లకు పంపేవాడు. గ్రహం సగటున రోజుకు ఎంత నడుస్తుందో పాత గణిత గ్రంథంలో ఉంటుంది. ఆ గ్రంథం లెక్క మొదలుపెట్టిన నాటినుంచి మనకు కావలసిన నాటివరకు ఎన్ని రోజులో కట్టి, ఆ రోజులతో ఆ నడకను హెచ్చవేసి, నిండు చుట్లన్నీ తీసేస్తే మిగిలేది ఆ గ్రహం సగటున ఉండవలసిన చోటు. కానీ ఉండవలసిన చోట గ్రహం ఎప్పుడూ ఉండదు. ఒకచోట తొందరపడుతుంది, ఒకచోట బద్ధకిస్తుంది, ఒక్కోసారి వెనక్కి నడుస్తున్నట్టు కనబడుతుంది, దాన్నే వక్రం అంటారు. అందుకని ఒకదాని తరువాత ఒకటిగా సవరణలు వేస్తూ పోవాలి. అంతా అయ్యాక బాపు తెల్లవారుజామున పెరట్లో నిలబడి, తాను చెప్పిన నాడు, చెప్పిన చోట శుక్రుడు కనబడ్డాడా లేదా అని చూసుకునేవాడు. తేడా వస్తే శుక్రుణ్ణి ఏమీ అనేవాడు కాదు, పలక తీసుకుని మళ్లీ మొదటికి వచ్చేవాడు.

ఇక జనం చెవులు రిక్కించి వినే రాజు, మంత్రి భాగమంటే ఆయనకు ఒళ్లుమంట. ఉగాది ఏ వారం పడితే ఆ వారానికి అధిపతి అయిన గ్రహమే ఆ ఏడాదికి రాజు, దానికి శాస్త్రం దేనికి, గోడ మీది క్యాలెండరు చాలదా అనేవాడు.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం లేచి, వరంగల్లులో మా కాలేజీ మూతపడి, గణితం డిగ్రీ సగంలో ఆపి నేను ఇంటికి వచ్చాను. మా తరగతిలో ఒకతనికి కాలికి తూటా తగిలింది, ఇద్దరు జైలులో ఉన్నారు, నా రక్తం ఉడికిపోతూ ఉండేది. చేయడానికి పనిలేక బాపు గుణకారాలు నేను అందుకున్నాను. అప్పటిదాకా మా వైపు ఎక్కువమంది వాడింది కోస్తాలో అచ్చయిన పంచాంగం. తిథి ఎన్ని ఘడియలు ఉంటుందో సూర్యోదయం నుంచి లెక్కపెడతారు కదా, ఆ సూర్యోదయం అక్కడిది. మానుకోటకు పొద్దు దాదాపు ఏడు నిమిషాలు, జనగామకు పది నిమిషాలు ఆలస్యంగా పొడుస్తుంది. జనగామకు, మానుకోటకు, భూపాలపల్లికి వేరువేరుగా సూర్యోదయాలు కట్టి నేనొక పట్టిక తయారుచేశాను. నా జీవితంలో నేను గర్వపడ్డ పనులు తక్కువ, వాటిలో అదొకటి.

ఆ పట్టిక మా పెదనాయిన కొడుకు కంటపడింది. నాకు అన్న వరస. మైకు చేతికి దొరికితే దించేవాడు కాదు. భూమి తిరగడం వల్ల తూర్పున ఉన్నవాళ్లకు పొద్దు ముందు పొడుస్తుందని ఆయనకు ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కలేదు, ఆ ఏడు నిమిషాలు కోస్తావాళ్లు ఎత్తుకుపోయారనే ఆయన నమ్మకం. మరునాడు బజారులో బల్ల ఎక్కి, "గిన్నేండ్ల సంది మన పొద్దును గూడ వాళ్లే పొడిపిస్తున్రు!" అని గర్జించాడు. జనం చప్పట్లు కొట్టారు. మన పొద్దుకు మన పంచాంగం జనగామ ప్రెస్సులో తానే అచ్చువేయిస్తానని ఇంటికి వచ్చి చెప్పాడు. అరవై దాటిన బాపుకు తన పేరు అచ్చులో చూసుకునే యోగం అదే మొదటిసారి. ఆ వారమంతా ఆయన లెక్కలు కడుతూ కూనిరాగం తీయడం నేను విన్నాను.

అయితే అన్నకు ఒక షరతు ఉంది. వచ్చే ఏడాదిలో రాష్ట్రం వచ్చి తీరుతుందని మొదటి పేజీలో ఒక్క ముక్క పడాలన్నాడు. బాపు కోపం తెచ్చుకోలేదు, వెక్కిరించనూ లేదు, లెక్క చెప్పినట్టే చెప్పాడు.

"శని ఇరవై ఏండ్లకు ఏడుంటడో ఇప్పుడే చెప్త బిడ్డ. నువ్వు రేపు పొద్దుగాల ఏడుంటవో నాకు ఎరుకలేదు."

అన్న ముఖం మాడ్చుకుని లేచాడు. గడప దాటాక మాత్రం నన్ను పక్కకు పిలిచాడు. "చెల్లె, జనానికి ధైర్యం గావాలె. గా ఒక్క ముక్కతోని ఎవల ప్రాణం పోతది?" అన్నాడు. ఇప్పుడు ఆయనను తిట్టుకోవడం తేలిక. అప్పుడు నాకు ఆ మాట నిజమనే అనిపించింది.

అచ్చు అక్షరాలు బాపు కంటికి ఆనవు కాబట్టి ప్రూఫులు నేనే దిద్దాను. కాజీపేటలో బండి మారి, స్టేషన్ ఘన్‌పూర్ దాటి జనగామలో దిగి, ప్రెస్సులో బల్ల దగ్గర కూర్చుని, మొదటి పేజీ ప్రూఫు మీద ఎర్ర సిరాతో, అచ్చం పంచాంగాల భాషలో, 'ఈ సంవత్సరము గురుబలముచే ప్రత్యేక రాష్ట్రము తప్పక సిద్ధించును' అని రాశాను. రాశాక అక్షరదోషం లేకుండా రెండుసార్లు సరిచూసుకున్నాను కూడా. తలుచుకుంటే దానికే ఇప్పటికీ ఒళ్లు కంపరమెత్తుతుంది.

ప్రతులు సరిగ్గా ఉగాది ముందునాడు వచ్చాయి. మరునాడు పంచాంగ శ్రవణానికి ఊళ్లో పందిరి వేసి, బాపును వేదిక మీద కూర్చోబెట్టి మెడలో దండ వేశారు. చదివే ఆయన మొదటి పేజీలోనే ఆ వాక్యం అందుకున్నాడు, పందిరి హోరెత్తిపోయింది. బాపు లేచాడు. పుస్తకం తీసుకుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని, ఆ వరుస వేలితో కూడబలుక్కుని చదివాడు.

"గిది నా లెక్క గాదు. నేను రాయలే," అన్నాడు.

 తరువాత వెనకనుంచి ఎవరో "ముసలోడు కోస్తోళ్లకు అమ్ముడువోయిండు!" అని అరిచారు, ఇంకా కొందరు గొంతు కలిపారు. పక్కనే కూర్చున్న అన్న ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆయన మైకు తనవైపు తిప్పుకుని నినాదం ఎత్తుకున్నాడు. ఆడవాళ్లలో కూర్చున్న నేను లేచి, రాసింది నేనని చెబితే ఇంకా బాగా సరిపోయేది. నేను కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. బాపు దండ తీసి కుర్చీ మీద పెట్టి, ఒక్కడే దిగి నడిచి వెళ్లాడు.

ఇంటికి వెళ్లేసరికి ఆయన అరుగు మీద ఉన్నాడు. ఆ అచ్చు పుస్తకంలోని సూర్యోదయాల పట్టిక తెరిచి ఉంది.

"గీ పట్టిక మంచిగున్నది. గా మాట ఏ లెక్కలకెల్లి వచ్చింది బిడ్డ?"

నేను నిలబడి ఏడ్చాను. ఆయన మళ్లీ అడగలేదు. మరునాటినుంచి గుణకారాలు నాకు ఇవ్వలేదు. రాష్ట్రం రాకుండానే ఆ ఏడాది గడిచిపోయింది, జోస్యం తప్పిందని నవ్వడానికి మాత్రం ఊరందరికీ బాపు పేరే పనికివచ్చింది. ప్రతులు అడిగే ఊళ్లు ఒక్కొక్కటే మానేశాయి. మరిపెడ వైపు తండానుంచి ఒక పెద్దమనిషి ఒక్కడే, మృగశిర కార్తె ఎప్పుడు మొదలవుతుందో అడగడానికి, బాపు ఉన్నంతకాలం ఏటా వచ్చాడు.

అన్న సంగతి మీరు ఊహించే ఉంటారు. రెండేళ్లు తిరగకముందే ఆయన అవతలి పక్షంలో చేరాడు. ఏ ఎండకా గొడుగు పట్టి, ఒక జీపు, ఒక పదవి సంపాదించి, మళ్లీ ఉద్యమం లేచినప్పుడు ముసలితనంలో తొలితరం పోరాటయోధుడనిపించుకుని శాలువాలు కప్పించుకున్నాడు. ఆ సభకు నన్నూ పిలిచారు. నేను వెళ్లలేదు.

బాపు పోయాక ఆయన పెట్టెలో ఒక పొడుగు నోటుబుక్కు దొరికింది. నన్ను పలక ముట్టనివ్వని ఆ రోజుల్లో రాసుకున్నది. అందులో శని నడక ఒక్కటే, నెలకొక వరుస చొప్పున యాభై ఏళ్లకు కట్టి ఉంది. ప్రతి పేజీలో చివర ఒక గడి గీసి, పైన 'ఫలము' అని రాసి, కింద అంతా ఖాళీగా వదిలేశాడు. రాష్ట్రం వచ్చిన రోజు ఊరంతా టపాకాయలు మోగుతుంటే నేను ఆ నెల వరుస తీసి చూశాను. తుల, వక్రం అని ఉంది. మనవడి ఫోనులో చూపించమంటే అదీ తుల, వక్రం అనే చెప్పింది. నలభై ఏళ్లకు పైగా ముందు, పలకా బలపంతో కట్టిన లెక్కకూ ఫోనుకూ ఒక్క భాగం, అంటే ఒక్క డిగ్రీ, తేడా. అరవై తొమ్మిదిలో మేషంలో నీచపడిన శని ఇప్పుడు తులలో ఉచ్చలో ఉన్నాడు, అందుకే రాష్ట్రం సిద్ధించింది అని రాయడానికి ఎంత బాగుంటుంది! పెన్ను చేతిలోనే ఉంది, నా వేళ్లు దురద పెట్టాయి కూడా. మూత పెట్టేశాను.

ఇప్పుడు హెచ్చవేసేవాళ్లు లేరు, శుక్రుడు కనబడ్డాడా లేదా అని తెల్లవారుజామున పెరట్లోకి వెళ్లి చూసేవాళ్లు లేరు. గ్రహాల చోట్లన్నీ ఫోనే చెబుతుంది, మిగిలిన ఆ ఒక్క వాక్యం రాయడానికే ఇంతమంది పోటీపడుతున్నారు. మొన్న టీవీలో ఆ ముగ్గురినీ చూస్తుంటే ఏ లెక్కలకెల్లి వచ్చిందని బాపు అడిగిన మాటే నా నోటిదాకా వచ్చింది. కానీ అది గురివింద గింజ తన నలుపెరగదన్నట్టు అవుతుంది, అలాంటి జోస్యం మా ఊళ్లో మొదటిసారి అచ్చువేయించిన చెయ్యి నాది. టీవీ కట్టేసి, బాపుకు ఆనాడు చెప్పవలసిన జవాబు ఇన్నేళ్లకు ఇక్కడ రాస్తున్నాను. ఏ లెక్కలోనుంచీ రాలేదు బాపు, నేనే రాశాను.