బాగోలేదు, ఒకసారి రమ్మన్నారు

ఆవిణ్ణి ఊరంతా కబుర్ల పెద్దమ్మ అనేవాళ్ళు. ఆ పేరు పెట్టిందెవరో గానీ తిక్క మనిషి అయ్యుండాలి. కబుర్లంటే ఆవిడకు అస్సలు పడదు. నలుగురు చేరి పక్కింటి కోడలి సంగతి ఎత్తారంటే చాలు, పని ఉందని లేచి వెళ్ళిపోయేది. నోట్లో నువ్వుగింజ నానని మనుషులు ప్రతి వీధిలోనూ ఉంటారు. ఈవిడ నోట్లో బస్తాడు నువ్వులు పోసినా ఒక్కటి బయటపడేది కాదు. ఆవిడ మోసేది కబుర్లు కాదు, కబురు. ఎవరింట్లోనైనా మనిషి పోతే, పక్క ఊళ్ళలో ఉన్న చుట్టాలకు ఆ మాట చేరవేయడమే ఆవిడ పని.

ఫోన్లు లేని కాలం అది. ఉత్తరం రాస్తే అది చేరేసరికి మట్టి కూడా ఆరిపోయేది. కాబట్టి మనిషే నడిచి వెళ్ళాలి. మొదట్లో ఈ పని ఆవిడ మొగుడు చేసేవాడు. ఆయన పోయినప్పుడు ఆ కబురు తీసుకెళ్ళే దిక్కు లేక, ఆవిడే అత్తవారి ఊరికి నడిచి వెళ్ళి, తన మొగుడు పోయిన మాట తనే చెప్పుకుంది. తిరిగి వచ్చాక ఊళ్ళో ఇంకెవరింట్లో కష్టం వచ్చినా జనం ఆవిడ గుమ్మంలోనే నిలబడేవాళ్ళు. ఎవరూ నియమించలేదు, ఎవరూ వద్దనలేదు. పని అలా ఆవిడ కాళ్ళకు చుట్టుకుంది.

నడిచి వెళ్ళి ఒక మాట చెప్పి రావడమేగా, అదీ ఒక పనేనా అంటారేమో. చెప్పి చూడండి, తెలుస్తుంది. వాకిట్లో నిలబడి విషయం చెప్పడం ఆవిడకు నచ్చేది కాదు. లోపలికి వెళ్ళి కూర్చునేది. పొయ్యి మీద ఏదైనా మరుగుతుంటే దింపమనేది. పసిపిల్ల ఒళ్ళో ఉన్న తల్లికి ముందు చెప్పేది కాదు, ఆ పిల్లను ఇంకొకరు అందుకునేదాకా ఎండ గురించో కాళ్ళనొప్పుల గురించో మాట్లాడేది. ఇంట్లో గుండె దిటవున్న మనిషి ఎవరో చూపుతోనే పట్టేసేది. ఆ మనిషి వైపు తిరిగి, అప్పుడు అనేది: "పెద్దాయనకు బాగోలేదు, ఒకసారి రమ్మన్నారు."

పోయాడని మాత్రం అనేది కాదు. ఆ ప్రాంతంలో ఎవరూ అనరు. ఉన్నపళంగా చెప్తే దారిలోనే గుండె ఆగిపోతుందని భయం. బాగోలేదంటే ఆశతో నాలుగడుగులు వేస్తారు కదా. ఆ నాలుగడుగులూ ఆవిడ వాళ్ళతో కలిసి నడిచేది. అదీ ఆవిడ గొప్పతనం. వేరేవాళ్ళయితే మాట పడేసి తమ దారిన పోతారు. ఈవిడ పక్కనే నడుస్తూ, ఒక్కో మాటతో ఆ ఆశను తగ్గించుకుంటూ వచ్చేది. మాట పడిపోయిందనేది, డాక్టరు పెదవి విరిచాడనేది. ఊరు దగ్గరపడేసరికి వాళ్ళే ఆగి, పోయాడా అని అడిగేవాళ్ళు. అడిగితే మాత్రం ఆవిడ అబద్ధం ఆడేది కాదు. అవునని చెప్పి, ఏడ్చినంతసేపూ భుజం పట్టుకుని రోడ్డు పక్కన కూర్చునేది. ఊళ్ళోకి అడుగుపెట్టేటప్పటికి వాళ్ళు ఏడ్చి ఏడ్చి నిలబడగలిగే స్థితికి వచ్చి ఉండేవాళ్ళు. చదువుకుంటే వచ్చే పని కాదిది.

ఇక వడ్రంగి అన్నదమ్ముల సంగతి. అన్న, తండ్రి పెట్టిన వడ్రంగం కొట్టంలోనే ఉండిపోయాడు, తమ్ముడు పెళ్ళయ్యాక ఏటి అవతలి ఊళ్ళో కొట్టం పెట్టుకున్నాడు. ఒకే కంచంలో తిని పెరిగిన పిల్లలు. పెద్దయ్యాక కూడా ఏ దూలం చూసినా ఇది అన్నయ్యకు చూపించాలి అనేవాడు తమ్ముడు. అలాంటివాళ్ళ మధ్య తల్లి చావు వచ్చి పడింది.

ఆ రోజు పెద్దమ్మ ఇంకో దిక్కున ఇంకో కబురు మీద వెళ్ళింది. అటువైపు బండి తోలుకెళ్తున్న ఒకతనితో అన్న కబురు పంపించాడు. బండతను దిగను కూడా దిగకుండా, మీ అమ్మకు బాగోలేదంట, ఒకసారి రమ్మన్నారు అని కేకేసి ఎద్దుల్ని అదిలించుకుంటూ పోయాడు. తమ్ముడప్పుడు ఎవరింటికో వీధి తలుపు బిగిస్తున్నాడు. ఉన్నదున్నట్టే నమ్మాడు పిచ్చివాడు. అమ్మకు దగ్గో జ్వరమో అనుకున్నాడు. తలుపు లేని ఇంటిని అలా నోరు తెరిపించి పోవడమెలా అని బందులు బిగించి, గడియ సరిచూసి, మర్నాడు తీరిగ్గా బయల్దేరాడు. వెళ్ళేసరికి అంతా అయిపోయింది. తల్లి కడచూపు దక్కలేదు.

తిన్నగా చెప్పి చావచ్చు కదా అని తమ్ముడు. ఆ మాటకు అర్థం తెలియనంత పసివాడివా అని అన్న. వచ్చిన చుట్టాలందరి ముందూ మాటా మాటా పెరిగింది. ఇక ఈ గడప తొక్కితే నీ శవాన్ని చూడ్డానికే తొక్కుతాను, నువ్వు బతికుండగా రాను అని తమ్ముడు అనేశాడు. చెప్పినట్టే చేశాడు తమ్ముడు. పెళ్ళిళ్ళకు రాలేదు, పిల్లలు పుట్టినా రాలేదు. మొండిఘటాలు ఇద్దరూ. ఒక్క తల్లి కడుపునే పుట్టారు కదా, పోలిక ఎక్కడికి పోతుంది.

ఏళ్ళు గడిచాయి. అన్న మంచాన పడ్డాడు. ఊపిరి అందడం లేదు, కాళ్ళకు నీరు దిగింది. ఇంట్లో పడుకోనని పట్టుబట్టి కొట్టంలోనే మంచం వేయించుకున్నాడు. డాక్టరు వచ్చి చూసి, రమ్మనాల్సిన వాళ్ళెవరైనా ఉంటే ఇప్పుడే రమ్మనండి అనేసి వెళ్ళిపోయాడు. అన్న పెళ్ళాం పెద్దమ్మ కోసం పరిగెత్తింది. మరిది ఊరికే అయితే రాడనీ, పోయాడని చెప్తేనే వస్తాడనీ, అలాగే చెప్పి తీసుకురమ్మనీ చేతులు పట్టుకుంది. బతికున్న మనిషిని నా నోటితో చంపనమ్మా అని పెద్దమ్మ చేతులు విడిపించుకుంది.

అయినా వెళ్ళిపోలేదు. కొట్టంలోకి వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. గోడకు ఉలులు వరసగా వేలాడుతున్నాయి. కింద చెక్కపొట్టును ఎవరినీ ఊడవనిచ్చినట్టు లేదు. వడ్రంగి ఆవిణ్ణి చూసి, తొందరపడి వచ్చావు పెద్దమ్మా, ఇంకా ఉన్నాను అని నవ్వబోయి దగ్గాడు. దగ్గు తగ్గేదాకా ఆగి, తమ్ముణ్ణి రమ్మని చెప్పనా అని అడిగింది ఆవిడ. ఆయన గోడ వైపు తిరిగాడు. వాడు రాడు, పోయాకే చెప్పండి, అప్పుడు ఎటూ వస్తాడు అన్నాడు.

"వస్తాడో రాడో నేనడగలేదు. నువ్వు రమ్మంటున్నావా లేదా, అది చెప్పు. నువ్వనని మాట నేను మోసుకెళ్ళను," అంది పెద్దమ్మ.

పెళ్ళాం గుమ్మం దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. చివరికి గోడ వైపు నుంచే వచ్చింది మాట.

"రమ్మను."

ఆ ఒక్క మాట మూటగట్టుకుని పెద్దమ్మ తెల్లారగానే ఏరు దాటింది. తమ్ముడి కొట్టానికి చేరేసరికి అతను చెక్కను చిత్రిక పడుతున్నాడు. గుమ్మంలో ఆవిణ్ణి చూడగానే చెయ్యి ఆగిపోయింది. ఆవిడ లోపలికి వచ్చి పీట లాక్కుని కూర్చుంది. ఎప్పటిలాగా కాళ్ళనొప్పుల గురించి మొదలుపెట్టలేదు. మోసుకొచ్చిన మాట ఎక్కడ బరువెక్కిపోతుందోనని ముందే దించేసింది: "మీ అన్నయ్యకు బాగోలేదు నాయనా. ఒకసారి రమ్మన్నాడు."

అంతే. మనిషి ఉన్నచోటే కూలబడిపోయాడు. అన్నయ్యా అని ఒక్క కేక పెట్టి రెండు చేతులతో తల పట్టుకున్నాడు. అప్పటికి గానీ పెద్దమ్మకు తట్టలేదు. ఆ మాటను ఉన్నదున్నట్టు నమ్మి తల్లి కడచూపు పోగొట్టుకున్నవాడు, రెండోసారి ఉన్నదున్నట్టు ఎందుకు నమ్ముతాడు? నిజమే చెప్పింది ఆవిడ. చెప్పిన నిజం అతని చెవిలో చావు కబురైపోయింది.

కాదు నాయనా, బతికే ఉన్నాడు అనడానికి నోరు తెరిచింది. అతనప్పటికే చొక్కా తగిలించుకుంటున్నాడు. చెక్క సగమే నునుపై ఉంది, చిత్రిక కింద పడి ఉంది, కొట్టం తలుపు బార్లా తెరిచి ఉంది. ఒకప్పుడు ఎవరి తలుపు కోసమో ఆగినవాడు ఇవాళ తన తలుపే వేసుకోకుండా రోడ్డెక్కాడు. ఆవిడ నోరు మూసుకుంది. అడగనిదే చెప్పకపోవడం తన పద్ధతే కదా అని మనసుకు సర్దిచెప్పుకుంది గానీ, ఆ పద్ధతి ఇందుకు పెట్టుకున్నది కాదని ఆవిడకూ తెలుసు. అడిగాడంటే చెప్పక తప్పదు. చెప్తే వెనక్కి తిరుగుతాడు. తిరిగితే ఆ రోగి కళ్ళు గుమ్మం వైపు తెరుచుకునే పోతాయి. చచ్చిన మనుషుల కబురు తను ఎన్నోసార్లు మోసింది, ఏనాడూ ఇంత భయపడలేదు.

దారంతా అతను మాట్లాడుతూనే ఉన్నాడు. చిన్నప్పుడు ఉలితో వేలు కోసుకుంటే అమ్మకు తెలియనివ్వకుండా అన్నయ్యే కట్టు కట్టాడట. తమ్ముడు పాడుచేసిన పీటను తనే పాడుచేశానని చెప్పి అన్నయ్యే తండ్రి చేత తన్నులు తిన్నాడట. తప్పు నాదే పెద్దమ్మా, అన్నయ్య నోరుజారాడు సరే, చిన్నవాణ్ణి నేను సర్దుకుపోవద్దా అన్నాడు. ఆవిడ ఊఁ కొడుతూ, వీలైనంత వేగంగా నడిచింది. ముసలి కాళ్ళు, అయినా నడిచింది.

ఊరి ముందు కల్వర్టు దగ్గర అతను ఆగాడు. అందరూ అక్కడే ఆగుతారు. మొహం తుడుచుకుని అడిగాడు.

"ఇప్పుడు చెప్పు పెద్దమ్మా. ఎప్పుడు పోయాడు?"

"పోలేదు."

అతనికి అర్థం కాలేదు. ఆవిడ మళ్ళీ అంది. బాగోలేదన్నాను, రమ్మన్నాడన్నాను, రెండూ నిజమే. నువ్వు ఇంకోలా అనుకున్నావని తెలిసీ ఊరుకున్నాను, తిట్టాలనుంటే తిట్టు అంది. అతను తిట్టలేదు. కల్వర్టు గోడ మీద కూర్చుండిపోయాడు. శవాన్ని చూడ్డానికే వస్తానని అంతమంది ముందు అన్నాననీ, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలనీ నేల చూస్తూ గొణిగాడు. లేచి వచ్చిన దారి వైపు తిరిగాడు కూడా.

పెద్దమ్మకు ఒళ్ళు మండింది.

"దారంతా అన్నయ్యా అన్నయ్యా అంటూ వచ్చావు. తప్పు నాదే అన్నావు. ఇన్నేళ్ళుగా మనుషుల్ని శవాల దగ్గరికి నడిపించాను నాయనా. అందరూ ఇవే మాటలు అంటారు, ఒక్క శవమూ వినలేదు. మీ అన్నయ్యకు ఇంకా చెవులున్నాయి."

ఇంకేం చెప్పలేదు. ఊళ్ళోకి నడిచింది. ఎప్పుడూ పక్కనే నడిచే మనిషి మొదటిసారి ఒకణ్ణి వెనక వదిలేసి వెళ్ళింది. వెనక్కి తిరిగి చూడాలనిపించినా చూడలేదు. కొంత దూరం పోయాక వెనక కంకర మీద చెప్పుల చప్పుడు వినిపించింది. ఆవిడ ఊపిరి పీల్చుకుంది.

కొట్టం గడప దగ్గర అతను ఒక్క క్షణం ఆగాడు, తర్వాత దాటాడు. అన్న తల తిప్పి చూశాడు. ఉబ్బిపోయిన ఆ కళ్ళనూ, దుమ్ముకొట్టుకున్న కాళ్ళనూ చూశాడు.

"ఏరా, పోయాననుకుని వచ్చావా?"

"అవును."

"ఉన్నానని ఎప్పుడు తెలిసింది?"

"కల్వర్టు దగ్గర."

"తెలిశాక కూడా వచ్చావే," అన్నాడు అన్న. తమ్ముడు మంచం పక్కన చెక్కపొట్టులోనే కూర్చుని ఆ చేతిని మొహానికి ఆనించుకున్నాడు. కాసేపటికి అన్నే అన్నాడు, అమ్మ పోయిన రోజు తిన్నగా చెప్పాల్సిందిరా, ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు అని. పెద్దమ్మ అక్కడ నిలబడలేదు. అది తను మోసే మాట కాదు.

తమ్ముడు ఇంటికి వెళ్ళలేదు. అన్న చెప్తుంటే సగంలో ఆగిపోయిన పెట్టె ఒకటి అక్కడే పూర్తి చేశాడు. మూత సరిగ్గా కూర్చోలేదని అన్న, నీ కొలతే తప్పని తమ్ముడు, వీధిలోకి వినిపించేలా వాదించుకున్నారు. వదిన ఆ వాదన వింటూ వంటింట్లో ఏడుస్తూ నవ్వేది.

ఒక మధ్యాహ్నం పెద్దమ్మకు పిలుపు వచ్చింది. వెళ్ళేసరికి తమ్ముడు కొట్టం అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఏ ఊరికి ముందు వెళ్ళాలో అడుగుదామని ఆవిడ దగ్గరికి వెళ్ళింది. అతను మేనత్త ఊరు చెప్పాడు, అన్న మామగారి ఊరు చెప్పాడు, తన పెళ్ళాం పిల్లలకు చెప్పమన్నాడు. చెప్పి, తల ఎత్తి ఆవిడ మొహంలోకి చూశాడు.

"నాకు మాత్రం ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది పెద్దమ్మా. నా ఒళ్ళోనే పోయాడు."

ఆవిడ అతని పక్కన అరుగు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. అతనే ఆవిడ భుజం పట్టుకున్నాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని, మేనత్త ఊరి దారి పట్టింది.