అరసున్నాగారి ట్రాక్టరు

తల నెరిసేదాకా ఆయన చేసిన ఉద్యోగం ఒక్కటే, ఇతరుల తప్పులు పట్టుకోవడం. అచ్చాఫీసులో కిటికీ పక్కన బల్ల, చేతిలో ఎర్రకలం, ముందు ప్రూఫు కాగితాల దొంతర. ఒత్తు జారినా, దీర్ఘం ఎగిరిపోయినా ఆయన కన్నుగప్పి పోవడం కల్ల. ఒక పెళ్ళికార్డులో "మీ రాక మాకు సంతాపం" అని అచ్చుపడబోతుంటే "సంతోషం" అని దిద్ది, ఒక కొత్త సంసారాన్ని నిలబెట్టానని ఇప్పటికీ చెప్పుకుంటాడు. ఎవరూ కాదనరు.

అంతటితో ఊరుకుంటే బాగానే ఉండేది. ఇంటికి రాగానే ఆయన చేతిలో ఎర్రకలం పోయి స్క్రూడ్రైవరు వచ్చేది. పాడైన వస్తువు కనబడితే విప్పాలి. విప్పితే బిగించాలి. బిగించాక ఏదో ఒకటి మిగలాలి. ఒక మర, ఒక నట్టు, ఒక ఇనుపముక్క, ఏదో ఒకటి. అది లేకుండా ఆయన మరమ్మతు పూర్తయిన దాఖలా లేదు. మిగిలిన ముక్కను రెండు వేళ్ళతో పైకెత్తి పట్టుకుని, ఆయన ఒక సిద్ధాంతం చెప్పేవాడు.

"అరసున్నా సంగతి చూడండి. వెనకటికి అది పెట్టకపోతే మహాపరాధం. ఇప్పుడెవరైనా పెడుతున్నారా? తీసేశాక తెలుగు ఆగిపోయిందా? యంత్రాల్లోనూ అంతే. కంపెనీవాళ్ళు చాదస్తం కొద్దీ ఒకటి ఎక్కువ పెడతారు. ఇదిగో, ఇది అరసున్నా!"

అని స్విచ్చి వేస్తే ఫ్యాను తిరిగేది. మొదటిరోజు కాస్త గడగడలాడేది. మర్నాటికో ఆ మర్నాటికో సర్దుకునేది. "యంత్రానికైనా అలవాటు పడాలి కదా" అనేవాడు. తిరుగుతున్న ఫ్యాను ముందు నిలబడి ఎవరు మాత్రం వాదిస్తారు?

ఆయన బావమరిది మోటారు మెకానిక్కు. సొంత షెడ్డు ఉంది. అతనికి ఈ సిద్ధాంతం వింటే ఒళ్ళు మండేది. బావగారికి "అరసున్నా" అని పేరు పెట్టింది అతనే. ఆ పేరు ఇంట్లోంచి వీధిలోకి, వీధిలోంచి అచ్చాఫీసులోకి పాకింది. అప్పటినుంచి అరసున్నాగారు మిగిలిన ముక్కల్ని నలుగురిలో ఎత్తి చూపడం మానేశాడు. తేలుకుట్టిన దొంగలా చప్పుడు చెయ్యకుండా చొక్కా జేబులో వేసుకునేవాడు. వేసుకున్నాక మరిచిపోయేవాడు.

ఉద్యోగం అయిపోయాక ఇంట్లో విప్పడానికి వస్తువులు మిగల్లేదు. అప్పుడే భార్య మోకాళ్ళు మొరాయించాయి.

ఆవిడది పెరట్లో చిన్న నర్సరీ. గులాబీలు, మందారాలు, క్రోటన్లు, పేరు తెలియని పచ్చటివన్నీ. మొగుడు అచ్చాఫీసులో అక్షరాలు దిద్దుతున్నంతకాలం ఆవిడ పెరట్లో మొక్కల్ని పెంచింది. ఆవిడ గోళ్ళలో మట్టి లేని రోజు ఆయన చూడలేదు. కుండీలు పెరట్లోంచి వీధి గేటు దాకా మోయాలి. ఇల్లు పొడవాటిది. పక్క సందు ఇంకా పొడవాటిది. డాక్టరు మోకాళ్ళు నొక్కి చూసి, ఇకమీద నీళ్ళ చెంబుకు మించి ఎత్తొద్దన్నాడు. పనిమనిషిని పెట్టుకుంటే మొక్కకు చెయ్యి తగిలిన తీరు నచ్చక ఆవిడే మాన్పించింది.

"ఈ ఏడు వానలు వెళ్ళాక మూసేస్తానండీ" అంది ఒకరోజు, కుండీలో మట్టి నొక్కుతూ. ఎవరో ఊరెళుతున్నారని చెప్పినంత మామూలుగా అంది.

ఆయనకు మట్టి చేతులు లేని ఆవిణ్ణి ఊహించుకోబోతే మనిషే కనబడలేదు. భయం వేసింది. ఆ భయంతోనే వీధులన్నీ తిరిగి తిరిగి, ఒక బడి వెనక షెడ్డులో చిరిగిన టార్పాలిను కింద ఒక తోట ట్రాక్టరును కనిపెట్టాడు. మంచమంత ఉంటుంది. ఒకప్పుడు బడి మైదానంలో గడ్డి కోసేదట. వెనక తగిలించే బుల్లి ట్రాలీ కూడా ఉంది. ఇంజను మూతలో పిచ్చుకలు కాపురం పెట్టి ఖాళీ చేసి వెళ్ళిపోయాయి. తుప్పు ఎక్కడుందని అడిగేకన్నా ఎక్కడ లేదని అడగడం సులువు. హెడ్మాస్టరు దణ్ణం పెట్టి మరీ ఇచ్చేశాడు.

బావమరిది వచ్చి దాని చుట్టూ తిరిగాడు. "నా షెడ్డుకు లాక్కుపోతా బావా. నెల తిరిగేలోగా తెచ్చిస్తా."

"వద్దు. మీ అక్క కుండీలు మోసే బండి. నేనే చేస్తాను."

"ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతానందిట. ఫ్యాను వేరు, బండి వేరు బావా! అక్క ఎక్కి కూర్చునేది దీనిమీద."

భార్య గుమ్మంలో నిలబడి అంతా వింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ తీర్పు చెప్పింది. "చెయ్యండి. కానీ ఒక్క అరసున్నా మిగిలినా సరే, నేను దానిమీద ఎక్కను. నర్సరీ మూసేస్తా."

ఆవిడ కూడా ఆ మాట వాడింది! ఆయన ఆ పూట అన్నం సరిగా తినలేదు.

మర్నాడు గుడ్ల కొట్టుకు వెళ్ళి, గుడ్లు పెట్టే అట్టలు చంకలో పట్టినన్ని తెచ్చాడు. విప్పిన ప్రతి ముక్కా ఒక గుంటలో కూర్చోవాలి. విప్పిన వరసలోనే అట్టలు హాల్లో పరుచుకుంటూ పోవాలి. బిగించేటప్పుడు చివరి నుంచి వెనక్కి రావాలి. ప్రూఫు చదివినట్టే, ఒక్క అక్షరం వదలకూడదు. బండిని వీధి గుమ్మం ముందు నిలిపాడు కాబట్టి సీటు బోల్టులు అక్కడే మొదలయ్యాయి. చక్రాలు దాటి, గేర్లు దాటి, కార్బురేటరు వచ్చేసరికి అట్టలు వంటింటి గడప తొక్కాయి. ఊడవడం నిషేధం. ఫ్యాను నిషేధం. ఇంటికి వచ్చినవాళ్ళు గోడనంటుకుని పీతల్లా పక్కకు నడిచేవారు. ఇన్ని అట్టలు దేనికో తెలియక, గుడ్ల కొట్టు అతను వీళ్ళు కోళ్ళఫారం పెడుతున్నారని వీధంతా చెప్పాడు. ఇద్దరు ముగ్గురు నాటుకోడి గుడ్లున్నాయా అని గేటు దగ్గర నిలబడి అడిగారు కూడా.

"గేటు కుడి రెక్క తెరుచుకుని రండి" అని లోపలినుంచే కేకేసేది ఆవిడ. "ఎడమది ముట్టుకోకండి." గేటుకు ఎడమ రెక్క తియ్యకూడదన్నది ఆ ఇంట్లో పాత రూలు. వీధికుక్కలు దూరతాయని కాబోలనుకునేవాడు ఆయన.

తుప్పు గీకాడు. కిరసనాయిలులో నానబెట్టాడు. ప్లగ్గు, బెల్టు కొత్తవి తెచ్చాడు. ట్రాలీకి ఆకుపచ్చ రంగు వేస్తూ ఆవిడ ముక్కుకు కూడా కాస్త పూశాడు. వానలు మొదలయ్యాయి. పెరట్లో కుండీలు పెరుగుతున్నాయి. మోసేవాళ్ళు లేక గేటు దగ్గరికి కదలడం లేదు. కొనేవాళ్ళు వచ్చి చూసి, మళ్ళీ వస్తామని చెప్పి రావడం లేదు. ఆవిడ ఏమీ అనేది కాదు. అనకపోవడమే ఆయనకు కష్టంగా ఉండేది.

చివరికి అట్టలన్నీ ఖాళీ అయిన రోజు వచ్చింది. ఇంజను రెండు దగ్గులు దగ్గి, మూడో దగ్గుకు గొంతు సవరించుకుని అందుకుంది. ఆయన చంటిపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. కొట్టి, అట్టలు ఎత్తి ఒకదానిమీద ఒకటి పేరుస్తుంటే ఠంగుమని చప్పుడైంది.

నట్టు. వేలిగోరంత నట్టు.

ఆవిడ పెరట్లో ఉంది. ఇంజను హాయిగా కొట్టుకుంటోంది. నట్టును తీసుకున్న చెయ్యి తన దారిన తాను చొక్కా జేబు దగ్గరికి వెళ్ళింది. దానికి అలవాటు. ఆయన చేతిని చూశాడు. కిటికీలోంచి ఆవిణ్ణి చూశాడు. ఆవిడ ఒక చెయ్యి గోడకు ఆనించి, ఒక్కొక్క కాలే ఎత్తుతూ మెట్లు దిగుతోంది.

"తూ" అన్నాడు తన చేతితో. ఇంజను ఆపి, సీటు బోల్టు దగ్గరనుంచి మళ్ళీ మొదలుపెట్టాడు.

ఈసారి అన్నీ విప్పినా దాని చోటు దొరకలేదు. చివరికి బండి కింద వెల్లకిలా పడుకుని టార్చి వేస్తే కనబడింది. బ్రేకు కడ్డీ చివర, నట్టు ఉండాల్సిన మర ఖాళీగా పళ్ళికిలిస్తోంది. అది లేకుండా ఏ పూటో ఆ కడ్డీ జారిపోతే, పెరట్లోంచి గేటు దాకా ఉన్న వాలులో ఆవిడ... ఆయన ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. నట్టు బిగించాడు. మళ్ళీ బిగించాడు. ఇంకోసారి బిగించి, అక్కడే నేలమీద చాలాసేపు పడుకున్నాడు.

విప్పినదంతా మళ్ళీ కూర్చి బిగించిన మర్నాటి పొద్దున్న బావమరిది వచ్చాడు. పరీక్ష పెట్టడానికే వచ్చాడు. అట్టలన్నీ తిరగేసి దులిపాడు, హాల్లో మూలలన్నీ వెతికాడు, కుర్చీల కింద చూశాడు. "ఏమీ లేదక్కా" అన్నాడు, ఓడిపోయినవాడిలా. బండి కిందికి దూరి నట్లన్నీ తట్టి చూసి, నల్లటి మొహంతో బయటికొచ్చాడు. "బాగానే బిగించాడు" అన్నాడు మళ్ళీ. ఆ మాట అనడానికి అతనికి ప్రాణం మీదకొచ్చింది.

ట్రాలీ నిండా గులాబీ కుండీలు పెట్టారు. అరసున్నాగారు మొదట తానే నడిపి చూపిస్తానని సీటెక్కి, మీట ముందుకు తోశాడు. బండి ఠీవిగా కదిలింది. సందు మలుపు తిరిగి గేటు దాకా వెళ్ళింది. అక్కడ ఆపి గర్వంగా వెనక్కి తిరిగితే, వెనక ఏమీ లేదు. ట్రాలీ, గులాబీలు, భార్య, బావమరిది, అందరూ బయలుదేరిన చోటే ఉన్నారు.

బావమరిది నవ్వు వీధి చివరిదాకా వినబడింది. "ఇన్నాళ్ళూ ఎక్కువయ్యేవి. ఇప్పుడు తక్కువైంది! ట్రాలీ తగిలించే పిన్నేది బావా?"

పిన్ను లేదు. మొదటినుంచీ లేదు. బడి షెడ్డులోంచి రాలేదు కాబట్టి విప్పలేదు, విప్పలేదు కాబట్టి గుంటలో కూర్చోలేదు. లేని అక్షరాన్ని పట్టుకోవడమే ప్రూఫురీడరు పనితనం. ఆయన బిక్కమొహం వేసుకుని బండి వెనక్కి తెచ్చాడు.

ఆవిడ లోపలికి వెళ్ళి బియ్యం డబ్బా వెనకనుంచి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చింది. మూత తీస్తే అందులో మరలు, నట్లు, స్ప్రింగులు, చువ్వలు. నాలుగైదు చువ్వలు పెట్టి చూసి, వేలెడు లావున్న ఒక ఇనుప పిన్నును కన్నంలోకి దించింది. చక్కగా దిగింది.

"ఇదెక్కడిది?" అన్నాడాయన.

"గేటుది. మీరు గేటు బాగుచేసినప్పటిది. మీ చొక్కా జేబులో దొరికింది."

"నా జేబులోనా?"

"ఉతికేది నేనే కదండీ."

ఆయన గేటువైపు చూశాడు. ఆఖరి ఆశతో అన్నాడు. "మరి గేటు నిలబడే ఉందిగా? అంటే అరసున్నాయేగా?"

అప్పటికే బావమరిది, కుండీలున్న ట్రాలీని తెచ్చినప్పటిలా పక్కకు వంచి దూర్చలేం కాబట్టి రెండు రెక్కలూ తియ్యాలని గేటు దగ్గరికి వెళ్ళాడు. "ఒరేయ్, ఎడమది ముట్టుకోకురా!" అని ఆవిడ అరిచేలోపే లాగాడు. రెక్కకు రెక్క ఊడి అతని చేతుల్లోకి వచ్చేసింది. దాన్ని కావలించుకుని నిలబడి, "అక్కా! దీన్ని తీగతో కట్టారేంటే?" అని కేకపెట్టాడు.

అరసున్నాగారు మెల్లగా భార్యవైపు తిరిగాడు. "ఫ్యాను?"

"వెనకాల తాడు కట్టాను."

"గోడగడియారం?"

"అట్టముక్క మడిచి దోపాను."

"నా వాలుకుర్చీ?"

"దాంట్లో మిమ్మల్ని తప్ప ఎవర్నీ కూర్చోనిచ్చానా?"

మర్నాటికో ఆ మర్నాటికో సర్దుకోవడం అంటే ఏమిటో ఆయనకు అప్పుడు తెలిసింది. ఊరందరి తప్పులూ దిద్దిన మనిషి తప్పుల్ని, ఇంట్లో ఒకావిడ ఎర్రకలం లేకుండా దిద్దుకుంటూ వచ్చింది. ఆయనకు సిగ్గేసింది. సిగ్గు వెనకే కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

"ఒక్కసారైనా చెప్పలేదేం?"

"చెబుదామనే అనుకునేదాన్ని. స్విచ్చి వేసి నావైపు చూసేవారు కదా, మొహమంతా వెలిగిపోతూ. నోరొచ్చేది కాదు."

ఆయన తలవంచుకున్నాడు. ఇక దాచడానికి మనసు రాలేదు. "దీనికీ ఒకటి మిగిలిందే. మొన్న. బ్రేకుది. మళ్ళీ అంతా విప్పి పెట్టాను. అయినా మిగిలిన మాట నిజం. నువ్వు ఎక్కనంటే ఎక్కొద్దు."

"తెలుసు" అంది ఆవిడ. "తిరుగుతున్న ఇంజను ఆపి మళ్ళీ విప్పినప్పుడే తెలిసింది. పొద్దున్నే మీ చొక్కా జేబు చూశాను. ఖాళీగా ఉంది. అందుకే ఎక్కుతున్నాను."

ఆయన భుజం ఊతగా పట్టుకుని, నొప్పికి మూలిగి, సీటుమీద కూర్చుంది. మట్టి చేత్తో మీట తోసింది. బండి కదిలింది. ఈసారి గులాబీలన్నీ బుద్ధిగా వెనకాలే కదిలాయి. గేటు దగ్గర బావమరిది రెక్కను కావలించుకునే పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

"అక్కా, దీన్నేం చెయ్యమంటావ్? షెడ్డుకు పట్టుకుపోనా?"

"ఎందుకూ? మీ బావకివ్వు, ఆయన బాగుచేస్తారు" అంది ఆవిడ, బండి ఆపకుండానే. వీధిలోకి తిరిగాక ఇంకో మాట వినబడింది. "మిగిలింది జేబులో వేసుకోవద్దను. నా చేతికిమ్మను!"