పచ్చ సిరా సంతకం

మంత్రిగారు మమ్మల్ని ముంచారని పురానాపూల్‌లో మా గల్లీవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. పెట్టెలు చేసుకునే రేకు ఇప్పిస్తానని నమ్మించి, సంతకం పెట్టినట్టు పెట్టి, వెనకనుంచి ఆ కాగితాన్ని చెత్తబుట్టలో వేయించారని. ఎవరో పెద్ద సేటు దగ్గర తిని మా వాటా అతనికి మళ్లించారని. చెప్పేవాళ్లు చెబుతూనే ఉన్నారు, వినేవాళ్లు తలూపుతూనే ఉన్నారు. పదిహేనేళ్లుగా ఆ తలూపేవాళ్లలో నేనూ ఉన్నాను.

అబద్ధం. ఒక్క ముక్క కూడా నిజం కాదు. ఆ కాగితాన్ని ఆపింది నేను.

రాసేశాను. ఇంత చిన్న వాక్యానికి ఇన్నేళ్లు పట్టింది.

బరువు మోశానంటే మీరు కన్నీళ్లూ నిట్టూర్పులూ ఊహించుకుంటారేమో. అలాంటివేమీ లేవు. శుభ్రంగా తిన్నాను, పడుకున్నాను, ఆఫీసులో అందరితో పోట్లాడాను, చాలాసార్లు గెలిచాను. బరువు తెలిసేది ఎప్పుడంటే, ఎవరైనా "నువ్వు ఉన్నదున్నట్టు మాట్లాడతావమ్మా, నీకు ఎవరి భయమూ లేదు" అని మెచ్చుకున్నప్పుడు. అప్పుడు మెడ పట్టేసినట్టుండేది. మెప్పు వినడానికి కూడా అర్హత ఉండాలని అలా తెలిసింది. నా పేరు రాయను. మీరెవరో నాకు తెలియదు కనుకనే మీకు చెబుతున్నాను.

మా బాపు బస్సు డిపోలో మెకానిక్కు. మా గల్లీలో బి.ఏ. చదివిన మొదటి ఆడపిల్లను నేను. ఆ సంగతి ఎవరూ మరిచిపోకుండా చూసుకున్నదీ నేనే. టైపు నేర్చుకుని, పరిశ్రమల మంత్రిగారి పేషీలో, అంటే ఆయన సొంత ఆఫీసులో, టెంపరరీ టైపిస్టుగా చేరాను.

ఆ మంత్రిగారు దేవుడని నేను అనను. తన మేనల్లుడికి పారిశ్రామికవాడలో ఒక షెడ్డు ఇప్పించుకున్నారు. ఆ ఉత్తరం టైపు చేసింది నేనే. మీటింగుల్లో ఒకటే పాట పాడేవారు: సర్కారు నౌకరీ కోసం చెప్పులు అరగదీయకండి, నలుగురు కలిసి ఒక సంఘం పెట్టుకోండి, ఇనుమో రేకో ఏది కావాలో అడగండి, ఇప్పించే పూచీ నాది. మంత్రులందరూ ఇలాగే అంటారని మీరనవచ్చు. అంటారు. కానీ ఈయన పొద్దున్నే ఇంటి వసారాలో కూర్చుని వచ్చిన ప్రతి అర్జీనీ చివరి అక్షరం దాకా చదివేవారు. నేను పక్కన నిలబడి కాగితాలు అందుకునేదాన్ని. కళ్లారా చూశాను.

ఆయన సంతకంలో ఒక మర్మం ఉండేది. పేషీలో పనిచేసే మాకే తెలుసు. నల్ల సిరాతో పొట్టి సంతకం పెడితే, వచ్చినవాళ్ల తృప్తి కోసం పెట్టినట్టు. ఆ కాగితం పోయినా పోకపోయినా అడిగేవారు లేరు. పచ్చ సిరాతో నిండు సంతకం పెట్టి కింద తేదీ వేస్తే, పని జరిగి తీరాలి. నేను ఒక నోటు టైపు చేసి జతచేస్తే అది డిపార్టుమెంటుకు వెళ్లేది. నోటు లేని పచ్చ సిరా ఎవరికీ కనపడదు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి.

మాది సందుగల గల్లీ. రేకు సందుగలు. పెళ్లయిన పిల్ల చీరలు సర్దుకుని అత్తగారింటికి పట్టుకెళ్లే పెట్టెలు. పన్నెండు కుటుంబాలు అదే పని. పొద్దున మొదలైన సుత్తుల చప్పుడు దీపాలు పెట్టే వేళకు గాని ఆగేది కాదు. దాని మీదుగా అరిచి మాట్లాడటం వల్లే నాకీ గొంతు వచ్చిందని మా అమ్మ అనేది. రేకు ఆ రోజుల్లో సర్కారు వాటా వేసి ఇస్తేనే దొరికేది. లేదంటే బ్లాకులో కొనాలి. ఆరునెలలకొకసారి జాబితా వేసేవారు. జాబితాలో పేరుంటే పెళ్లిళ్ల కాలమంతా పని. లేకపోతే సుత్తులు గోడకు తగిలించుకోవడమే.

సంఘానికి పెద్ద యాదగిరి అన్న. సందుగల మీద నెమళ్లూ పూలూ వేసేది అతని మరదలు అనసూయ. నాతోపాటు ఐదో తరగతి దాకా చదివిన అనసూయ. ఆమె భర్త, యాదగిరి తమ్ముడు, జ్వరంతో పోయాడు. అతని సభ్యత్వం అన్నకు చేరింది. ఆమెకు మిగిలింది కుంచె.

సంఘం అర్జీ నేనే రాశాను. యాదగిరన్ననూ ఇంకో ఇద్దరినీ మంత్రిగారింటికి నేనే వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయన మొత్తం చదివి, "సందుగకు ఎన్ని రివిట్లు వడ్తయి?" అని అడిగి, యాదగిరన్న చెప్పింది విని నవ్వి, పచ్చ సిరాతో నిండు సంతకం పెట్టి తేదీ వేశారు. "సోమారం పొద్దుగాల్నే పంపు బిడ్డా" అని కాగితం నా చేతికిచ్చారు. అది శనివారం.

ఆదివారం సాయంత్రం యాదగిరన్న దుకాణం ముందర అందరికీ జిలేబీ పంచారు. అనసూయ నన్ను పక్కకు పిలిచి, సభ్యుల్లో తన పేరు కూడా రాయించమని అడిగింది. గొంతు తగ్గించి అడిగింది. నేను మాత్రం గొంతు తగ్గించలేదు.

"యాదగిరన్నా, ఒక మాట. సభ్యులల్ల అనసూయ పేరు గూడ ఎక్కించు. మొగని జాగల ఆమె ఉండాలె గదా."

"ఆడోళ్లకు సంఘమేందమ్మా? సుత్తి వట్టిందా, రేకు గోసిందా? బొమ్మలేస్తది, బొమ్మకింత అని ఇస్తనే ఉన్న."

"నీ సందుగలు అమ్ముడువోయేది నీ సుత్తి దెబ్బలు జూసా? ఆమె నెమళ్లను జూసి కొంటున్నరు."

అందరూ నవ్వారు. గెలిచాననుకున్నాను. అక్కడ ఆగి ఉంటే ఇదంతా రాయవలసిన పని లేదు.

"నెమళ్లు లేకున్నా సందుగ మూత వడ్తదమ్మా. మూత వడంది నీ నోరే."

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. బాపు కూడా నవ్వాడు. చేతిలో జిలేబీ పట్టుకుని, మా బాపు.

"గట్లనా? ఆమె పేరు ఎక్కకపోతే ఆ కాగితం ఎట్ల పోతదో నేనూ జూస్త."

"అరే, బెదిరిస్తున్నవా? మంత్రి దగ్గర టైపు గొడ్తే మంత్రివయినవా? సంతకం వెట్టింది ఆయన. నువ్వు టపటప గొట్టి పంపుడే. గంత సదివి గిది సమజ్ గాలేదా? పో, ఇంకో జిలేబీ తిను, లొల్లి జెయ్యకు."

సోమవారం పొద్దున ఆ కాగితాన్ని నా డ్రాయర్లో, టైపు రిబ్బన్ల డబ్బా కింద పెట్టాను. న్యాయం నా వైపుందని నిశ్చయంగా అనుకున్నాను. ఇప్పటికీ వాదన వరకు న్యాయం నాదే. ఈ మాట ఎవరిముందైనా అంటాను. అనసూయ సభ్యురాలు కావలసిందే. జాబితా మూసేది నెలాఖరుకు. యాదగిరన్న వస్తాడు, పేరు ఎక్కిస్తానంటాడు, నేను నోటు టైపు చేసి పంపుతాను. లెక్క అంత తేలిక.

అతను రాలేదు.

ఎందుకు వస్తాడు? మామూలుగా అర్జీ పెట్టినవాళ్లు కౌంటరులో నంబరు చీటీ తీసుకుంటారు, వారానికోసారి దాన్ని పట్టుకుని వచ్చి సతాయిస్తారు. మా గల్లీవాళ్లు చీటీ తీసుకోలేదు. మన పిల్ల ఉంది గదా, చీటీ ఎందుకని. వచ్చి బతిమాలుతాడని నేను ఎదురుచూస్తుంటే, అతను నామీద భరోసాతో హాయిగా పెళ్లి సందుగలకు ఆర్డర్లు ఒప్పుకుంటున్నాడు. తిట్టిన పిల్ల మీదే నమ్మకం పెట్టుకుని కూర్చున్నాడు. ఆ తిట్టు అతనికి తిట్టే కాదు. గల్లీలో రోజూ అనుకునే మాటే. దాన్ని కాగితంలాగా డ్రాయర్లో దాచుకున్నది నేనొక్కదాన్నే.

మరి అనసూయ కోసమేనా చేశాను? అయితే కాగితం ఆపానని ఆమెకు ఎందుకు చెప్పలేదు? రోజూ కుళాయి దగ్గర కనిపించేది. "నా పేరు సంగతి ఏమాయెనే?" అని ఒక్కసారే అడిగింది. "చూస్తున్న, ఫికర్ జెయ్యకు" అన్నాను. అనసూయ పేరు నాకు మంచి సాకు. యాదగిరన్న నా బల్ల ముందు నిలబడాలి, మంత్రి పేషీలో, ఫ్యాను కింద, అందరూ చూస్తుండగా. నాకు కావలసింది అది. ఇంకా లోపలికి వెళితే అతను కూడా కాదేమో. ఆ రోజు నవ్విన బాపుకు వెళ్లి చెప్పాలి, చూశావా, నేను టైపు గొట్టకపోతే ఏమైతదో అని.

పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం శాఖలు మారాయి. మా మంత్రిగారి దగ్గరనుంచి పరిశ్రమలు తీసేసి ఏదో చిన్న శాఖ ఇచ్చారు. సాయంత్రానికల్లా గది ఖాళీ చేయాలి. పేషీలో అలవాటు ఏమిటంటే, పోయే మంత్రి సంతకం మీద నోటు జతపడి డిపార్టుమెంటుకు చేరి ఉంటే పని జరుగుతుంది. చేరకపోతే ఆ సంతకానికి విలువ లేదు. పచ్చదైనా సరే.

సాయంత్రం దాకా టైము ఉంది. ఇది మీరు గమనించాలి. ఉంది. నేను కాగితం తీసుకుని ఆయన గది దాకా వెళ్లాను. "సార్, ఇది నా దగ్గర ఉండిపోయింది" అంటే చాలు. ఆయన ఒక ఫోను చేసేవారు. నన్ను తిట్టేవారు, బహుశా తీసేసేవారు, కానీ రేకు వచ్చేది.

నన్ను చూసి ఆయనే ముందు మాట్లాడారు. "నువ్వు టెంపరరీ గదా బిడ్డా? కొత్తాయన ఎవల్ని ఉంచుకుంటడో ఏమో. పర్మినెంటు చెయ్యమని ఒక కాగితం టైపు చేసుకొని రా. సంతకం పెడ్త."

కాగితాన్ని వీపు వెనక పట్టుకున్నాను. వెళ్లి నా సిఫారసు టైపు చేసుకుని వచ్చాను. తప్పొక్కటి లేకుండా. ఆయన పచ్చ సిరాతో నిండు సంతకం పెట్టి తేదీ వేశారు. దానికి నోటు జతచేసి, నేనే మెట్లు దిగి వెళ్లి అందించి, కౌంటరులో నంబరు చీటీ తీసుకున్నాను. ఆ చీటీ ఇప్పటికీ ఉంది. సంఘం కాగితాన్ని మర్నాడు పొద్దున నీళ్ల పొయ్యిలో వేశాను. ఆ నీళ్లతోనే తలంటుకుని ఆఫీసుకు వెళ్లాను.

జాబితాలో మా సంఘం లేదు. అడిగినవాళ్లకు నేను పంపానని, ఆ తర్వాత ఏమైందో పెద్దవాళ్లకే తెలియాలని చెప్పాను; జిలేబీల నాటి నా బెదిరింపును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఒప్పుకున్న సందుగలు బ్లాకు రేకుతో కొన్ని చేశారు, కొత్త మంత్రి వేసిన తర్వాతి జాబితాలోనూ పేరు రాక, ఆపైన చేయలేకపోయారు. ఏడాది తిరిగేసరికి గల్లీలో మాటలు మామూలు గొంతుతో వినపడసాగాయి. యాదగిరన్న మొఘల్‌పురాలో ఎవరిదో ఇనప సామాన్ల దుకాణంలో కూలికి కుదిరాడు. అనసూయ బీడీలు చుట్టింది. ఆమె వేళ్లకు ఎప్పుడూ నీలమో ఎరుపో అంటుకుని ఉండేది. అది పోయి తంబాకు రంగు వచ్చింది. నేను ఎవరికోసమని ఆపానో, అందరికంటే ముందు పని పోయింది ఆమెకే.

ఎన్నికలప్పుడు మంత్రిగారు మా గల్లీకి నడిచి వచ్చారు. యాదగిరన్న అడ్డంగా నిలబడ్డాడు.

"సార్, మా రేకు ఏడ వోయింది?"

"సంతకం పెట్టిన గదన్నా. నాకు యాదికుంది. రివిట్ల సంగతి గూడ అడిగిన."

"పెట్టినవ్ సార్. పచ్చ సిరా తొవ్వలనే ఎండిపోయినట్టుంది" అంది అనసూయ వెనకనుంచి. గల్లీ గొల్లున నవ్వింది.

ఆయన కాగితం ఎవరికిచ్చారో గుర్తు చేసుకుంటున్నట్టు తల ఎత్తారు. మా గడప మీద నేను నిలబడి ఉన్నాను. చూశారు. ఎంతసేపో చెప్పలేను, కానీ పక్కనున్న కార్యకర్త ఏమిటన్నట్టు నావైపు తిరిగేంతసేపు. ఆయన పెదవి కదిలింది. తర్వాత యాదగిరన్న వైపు తిరిగి చేతులు జోడించి, "తప్పు నాదే అనుకో అన్నా" అన్నారు. ఎవరో చెప్పు విసిరారు. తగలలేదు. ఆయన ఓడిపోయారు. మా గల్లీ వల్లనే ఓడిపోయారని నేను అనను. కానీ మా గల్లీ ఓట్లు ఎటు పోయాయో నాకు తెలుసు, వాటిలో నాదీ ఒకటి.

అవును. నా ఓటు కూడా ఆయనకు వేయలేదు. వేస్తే గల్లీకి తెలిసిపోతుందేమో అనిపించింది. డబ్బాలో వేసిన చీటీ ఎవరికి తెలుస్తుంది? బి.ఏ. చదివినదాన్ని.

ఈ రాసింది అనసూయకు చూపిస్తానా? తెలియదు. క్షమించమని ఎవరినీ అడగను. క్షమించేస్తే నేను మళ్లీ హాయిగా వాదించడం మొదలుపెడతాను, నా సంగతి నాకు తెలుసు. రాశాక మాత్రం మెడ కొంచెం తిరుగుతోంది. అది చాలు.

ఒక్కటే మిగిలింది. ఆయన సైదాబాదులో ఉంటున్నారట. కళ్లు సరిగా కనపడవట. పురానాపూల్ నుంచి బస్సెక్కితే పోగలిగే దూరమే. ఎక్కలేదు. కానీ నాకు జవాబు కావాలి. చెప్పు విసిరేదాకా వచ్చినా, ఎదురుగా గడప మీద నన్ను చూస్తూ కూడా, ఆ రోజు ఆయన నా పేరు ఎందుకు చెప్పలేదు?