తప్పు నాదేనన్న పిన్ని

మా పిన్నికి క్షమించడం ఒక జబ్బు. ఇంట్లో పాలు విరిగినా, పక్కింటివాళ్లు పోట్లాడుకున్నా, తప్పు కాస్తయినా తన మీద వేసుకుంటే తప్ప ఆమెకు మనసు కుదుటపడదు. నా గుణం పూర్తిగా వేరు. నాకు ముక్కు మీద కోపం. తప్పు ఎవరిదో తేలేదాకా అన్నం సహించదు. అందుకే లాయర్నయ్యానని ఇంట్లో అందరూ ఎగతాళి చేస్తారు. అయితే కావచ్చు. నా మొదటి కేసు మా పిన్నిదే అవుతుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

పిన్ని తిరువూరులో ఒక ప్రైవేటు బడిలో ఆయా. ఎ.కొండూరు రోడ్డులో ఉన్న మా ఊరి నుంచి రోజూ సైకిల్ మీద వెళ్లివచ్చేది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. నేను విజయవాడ హాస్టల్లో ఉండి లా ఆఖరి పరీక్షలు రాస్తున్న రోజుల్లో, ఒక పొద్దున ఆమె బడికి వెళ్తుంటే వెనక నుంచి వచ్చిన కిరాయి కారు గుద్దేసింది. ఆమె తారు మీద కూడా లేదు, ఎడమ పక్క మట్టి మీద ఉంది. కుడికాలు మోకాలి కింద నుజ్జయింది.

ఆసుపత్రిలో రాడ్డు వేశారు కానీ ఎముక సరిగ్గా అతుక్కోలేదు. చంకలో కర్ర లేనిదే అడుగు పడేది కాదు. మళ్లీ పెద్ద ఆపరేషన్ చేస్తేనే కాలు మోపగలదని, ఆలస్యమయ్యేకొద్దీ ఆ ఆశ కూడా తగ్గిపోతుందని డాక్టరు చెప్పాడు. ఆ ఆపరేషన్ చేయించే తాహతు మాకు లేదు. పరిహారం వస్తే పిన్ని నడుస్తుంది, రాకపోతే జన్మంతా ఆ కర్రే. నాకు తెలిసిన లెక్క అదొక్కటే.

ఇలాంటి దెబ్బలకు పరిహారం ఇప్పించే ట్రిబ్యునల్ విజయవాడలో ఉంది. కారుకు ఇన్సూరెన్సు ఉంటే ఆ కంపెనీయే కట్టాలి. మనం రుజువు చేయాల్సిందల్లా, తప్పు కారు నడిపినవాడిదని. సైకిల్ తొక్కేవాళ్లలో చాలామందికి ఈ సంగతే తెలియదు. సైకిలుకు లైసెన్సు లేదు, రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి కోర్టు గడప తొక్కే హక్కే తమకు లేదనుకుంటారు. పిన్నీ అలాగే అనుకుంది.

“సైకిలుకి ఏం కాయితాలుంటాయే? తిరిగి మనల్నే అడుగుతారేమో” అని భయపడింది.

“నువ్వే రోడ్డు మీద నడిచి వెళ్తున్నావనుకో. నీ కాళ్లకి కాయితాలు అడుగుతారా?” అన్నాను. అప్పటికి నాకు కొత్తగా నల్లకోటు వచ్చింది. మాటలకు కొదవ లేదు.

తిరువూరులో నేను జూనియర్‌గా చేరిన సీనియర్ గారి పేరు మీద వకాల్తా వేశాం. ఆయన నెమ్మదస్తుడు. కేసు కట్ట నా చేతిలో పెట్టి, “చదువుకో అమ్మా, తొందరపడకు” అన్నారు. తొందరపడకుండా ఎలా ఉంటాను? బస్సులో చదివాను, అన్నం తింటూ చదివాను. పోలీసులు వచ్చేలోపే జనం బస్సులకు దారి ఇవ్వడానికి కారును, సైకిల్‌ను పక్కకు లాగేశారు కాబట్టి, ఏది ఎక్కడుందో చెప్పే ఆధారం గట్టిగా లేదు. ఆసుపత్రికి తీసుకెళ్లినవాళ్లు గుద్దడం చూడలేదు. మిగిలింది పిన్ని మాటే. ఆమె అబద్ధం ఆడదని ఎవరికైనా మొహం చూస్తేనే తెలుస్తుంది. గెలిచేశామనే అనుకున్నాను.

పిన్ని బోనెక్కిన రోజు ఇన్సూరెన్సు కంపెనీ లాయరు చాలా మర్యాదగా లేచాడు. ఆయన దగ్గర ఒక వీడియో ఉంది. జడ్జి గారి అనుమతి తీసుకుని లాప్‌టాప్‌లో వేశాడు. అది మా చర్చి. తెల్లచీర కట్టుకుని, కర్ర మీద ఆనుకుని, మైకు పట్టుకున్నది మా పిన్ని.

“నా బుద్ధి తక్కువేనండి. తప్పు నాదే. ఆ డ్రైవరు బాబుది ఏం లేదు. అయినా దేవుడు నన్ను బతికించాడు” అంటోంది. అక్కడితో వీడియో ఆగిపోయింది.

మా చర్చి పద్ధతి తెలియనివాళ్లకు ఇది చెప్పాలి. ఆదివారం ఆరాధనలో, తమకు మేలు జరిగినవాళ్లు లేచి నలుగురి ముందూ చెప్పుకుంటారు. చెప్పేముందు తమను తాము తగ్గించుకుంటారు. జ్వరం తగ్గినవాడు తన అవిశ్వాసం వల్లే జ్వరం వచ్చిందంటాడు. గాలివానకు ఇంటి రేకులు ఎగిరిపోయినవాడు తన గర్వం వల్లే పోయాయంటాడు. గాలిని ఎవరూ ఒక్క మాట అనరు. దీన్నంతా ఫోన్‌లో లైవ్ పెడతారు. ఆ లైవ్‌ను ఇన్సూరెన్సు కంపెనీ మనిషి ఎక్కడో కూర్చుని చూస్తాడని మాలో ఎవరికీ తట్టలేదు.

“ఇందులో మాట్లాడింది మీరేనా అమ్మా?” అని అడిగాడు లాయరు.

“నేనేనండి.”

“తప్పు నాదే అన్నారు. అబద్ధం చెప్పారా?”

“మందిరంలో అబద్ధం ఎందుకు చెప్తానండి?” అంది పిన్ని, నొచ్చుకుంటూ.

మా సీనియర్ గారు లేచి ఏ తప్పు గురించి అన్నారో చెప్పమంటే, “ఆ పొద్దున ప్రార్థన చేసుకోకుండా బయల్దేరానండి” అంది. అది రాసుకున్నారు కానీ, అవతలి లాయరు నవ్వు చూస్తే దాని విలువ ఎంతో నాకు అర్థమైంది. తర్వాతి వాయిదాకు డ్రైవరును సాక్షిగా పిలుస్తామని వాళ్లు చెప్పారు. సైకిల్ ఒక్కసారిగా రోడ్డు మీదికి తిరిగిందని అతను చెబితే మా పని సరి.

తిరువూరు బస్సులో పిన్నిని నేను దులిపేశాను. ముందు సీటువాళ్లు కూడా వెనక్కి తిరిగి విన్నారు. ఆమె కిటికీ వైపు చూస్తూ, అంతా అయ్యాక, “నేనొక్కదాన్నే అన్నానా ఏంటి? నేను కూర్చోగానే ఆ డ్రైవరు బాబు కూడా లేచాడుగా” అంది.

“ఏ డ్రైవరు?”

“నన్ను గుద్దిన బాబే. రెడ్డిగూడెం దగ్గరంట వాళ్లది. క్షమాపణ అడుగుతానంటే పాస్టర్ గారు తీసుకొచ్చారు. ఫోన్ మోగితే చూశాడంట. తలెత్తేసరికి నేను బండి కింద ఉన్నానంట. తప్పు ఆమెది కాదు, నాదేనని ఒకటే ఏడుపు.”

నేను సీట్లోంచి లేచి నిలబడ్డాను. “ఇక్కడ స్టాపు లేదమ్మా” అన్నాడు కండక్టరు. నాకు స్టాపు ఎక్కడ కావాలి? అక్కడే దిగి విజయవాడకు వెనక్కి పరిగెత్తాలనిపించింది. ఫోన్ తీసి చర్చి వీడియోలు వెతికాను. నేను ఊళ్లో లేని ఆ ఆదివారంది దొరికింది. పిన్ని కూర్చుంది. వెనక వరుసలో ఒక మనిషి లేచాడు. మైకు అందుకున్నాడు. పిన్ని చెప్పిందంతా అక్షరం పొల్లుపోకుండా ఉంది.

“ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?”

“నువ్వు అడగలేదుగా. అయినా మందిరంలో చెప్పుకున్నవి బయట చెప్తామా?”

చర్చి నిండా ఉన్న జనానికి తెలుసు. మా బంధువులందరికీ తెలుసు. కేసు ఎలా ఉందని నన్ను రోజూ అడిగినవాళ్లలో ఒక్కరూ ఈ ముక్క చెప్పలేదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేను నవ్వాను. ఆ బస్సులో నాకంటే సంతోషంగా ఉన్న మనిషి ఇంకొకరు ఉండరు. అవతలివాళ్లు సగం కోసి దాచుకున్న వీడియో మిగతా సగం నా ఫోన్‌లో ఉంది.

పిన్ని ఫోన్ మీద చెయ్యి వేసింది. “అది కోర్టులో పెట్టకు.”

“ఏంటి?”

“నేను అందరి ముందూ అతన్ని క్షమించానని చెప్పాను. ఆ ధైర్యంతోనే అతను లేచాడు. అతని మీద తిరువూరు కోర్టులో పోలీసు కేసు నడుస్తోంది. ఈ మాట బయటికొస్తే అతని పని అయిపోద్ది. ఇద్దరు పిల్లలున్నారు.”

“మరి నీ కాలు?”

“నా కాలు నాది” అంది పిన్ని.

మర్నాడు సీనియర్ గారి దగ్గరికి పరిగెత్తి, మీరైనా చెప్పండి సార్ అని మొత్తుకున్నాను. ఆయన వీడియో మొత్తం చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయనకూ ఉత్సాహం తన్నుకొస్తోందని తెలుస్తూనే ఉంది. అయినా, “క్లయింటు వద్దన్నది కోర్టులో పెట్టే హక్కు మనకి లేదమ్మా. వెళ్లి ఒప్పించు” అన్నారు. బతిమాలాను, అలిగాను, పాస్టర్ గారిని పంపాను. పిన్ని ఎవరి మాటా వినలేదు.

వాయిదా రోజు డ్రైవరు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఆ చొక్కా చూసినా నాకు ఒళ్లు మండింది. సైకిల్ ఒక్కసారిగా రోడ్డెక్కిందని ముందే రాసిచ్చిన కాగితం మీద అతని సంతకం ఉంది. అది నిజమేనని ఒక్క ముక్క అంటే చాలు. పిన్ని వెనక బెంచీ మీద కర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను మా సీనియర్ గారి పక్కన, నోరు కట్టేసుకుని కూర్చున్నాను.

అవతలి లాయరు కాగితం సంగతి అడిగేముందు, ఇంకాస్త బలం ఉంటుందనుకున్నాడేమో, ఆ వీడియో ముక్కను మళ్లీ వేశాడు. ‘తప్పు నాదే’ అని పిన్ని గొంతు కోర్టు హాల్లో వినిపించింది.

“ఆవిడ ఇలా అన్న సంగతి మీకు తెలుసా?”

“తెలుసండి. నేనక్కడే ఉన్నానండి” అన్నాడు డ్రైవరు.

లాయరుకు ఈ సంగతి తెలియదని ఆయన మొహమే చెప్పింది. వాళ్ల మనిషి కావలసిన ముక్క కోసి పంపాడు, ఈయన అదే నమ్ముకున్నాడు. నేను బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను.

“ఆవిడ కూర్చున్నాక నేను లేచానండి” అన్నాడు డ్రైవరు మళ్లీ. ఎవరూ అడగలేదు.

జడ్జి గారు రాయడం ఆపారు. “లేచి?”

డ్రైవరు వెనక బెంచీ వైపు చూశాడు. నేనూ తిరిగి చూశాను. పిన్ని అతనికి వద్దు వద్దని తల అడ్డంగా ఊపుతోంది. తన కాలి సంగతి అక్కడ తేలబోతుంటే, వద్దని సైగ చేస్తోంది. ఆ క్షణంలో ఆమె మీద నాకు వచ్చినంత కోపం, ప్రేమ మళ్లీ ఎప్పుడూ రాలేదు.

“నేను ఫోన్ చూస్తున్నానండి” అన్నాడు అతను. “ఆవిడ మట్టి మీదే వెళ్తున్నారు. బండి నేనే దింపేశాను. ఆ కాయితంలో ఉన్నది నిజం కాదండి.”

మా సీనియర్ గారు నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. నేను ఎప్పుడు లేచానో నాకే తెలియదు. మిగతా వీడియో ఎక్కడుందని జడ్జి గారే అడిగారు. కోర్టే అడిగాక పిన్ని కూడా కాదనలేకపోయింది. నా ఫోన్ చేతులు మారి ముందుకు వెళ్లింది.

బయట వరండాలో పిన్ని అతన్ని పట్టుకుని కోప్పడింది. “ఎందుకు చెప్పావు బాబూ? నీ పిల్లల్ని తల్చుకోలేదా?”

“వీడియో మీ దగ్గరుండీ పెట్టొద్దన్నారంట కదమ్మా. పాస్టర్ గారు చెప్పారు. అప్పట్నుంచీ ఆ కాయితం మీద నేను పెట్టిన సంతకమే కళ్లముందు ఆడతా ఉంది” అన్నాడు అతను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

పిన్ని గెలిచింది. తీర్పు విన్న రోజు నేను తిరువూరులో కనబడ్డవాళ్లందరికీ స్వీట్లు పంచాను, కోర్టు ముందు టీ కొట్టతనికి రెండుసార్లు ఇచ్చాను. ఆపరేషన్ అయింది. పిన్ని గోడ పట్టుకుని ఇంట్లో నడిచింది, తర్వాత గోడ వదిలేసి నడిచింది. నేను పక్కన నడుస్తూ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. ఆమె సిగ్గుపడి పొమ్మంది.

అప్పుడే అడిగింది. “ఆ బాబు కేసు ఎందాకా వచ్చింది?”

“చట్టం తన పని తాను చేసుకుపోతుంది” అన్నాను, కాస్త దర్జాగానే.

“దెబ్బ తగిలినదాన్ని నేనే వద్దంటే ఆగదా?”

ఆగుతుంది. అలాంటి కేసులో దెబ్బ తిన్న మనిషి కోర్టు అనుమతితో రాజీపడవచ్చు. నాకు తెలుసు, కానీ చెప్పాలనిపించలేదు. ఆ కాలు పడ్డ బాధ నేను కళ్లారా చూశాను. అతను నిజం చెప్పిన మాట నిజమే, గుద్దిన మాటా నిజమే. పిన్ని నా మొహంలోకి అలా చూస్తూ నిలబడితే చివరికి చెప్పేశాను.

రాజీ కేసులు తేల్చే లోక్ అదాలత్ రోజు ఆటో తిరువూరు కోర్టు గేటు దగ్గర ఆగింది. నేను చెయ్యి ఇవ్వబోతే పట్టుకోలేదు. మెట్లు ఒక్కొక్కటే ఎక్కింది, ప్రతి మెట్టు మీదా ఆగి ఊపిరి పీల్చుకుంది. డ్రైవరు అప్పటికే లోపల గోడ పక్కన నిలబడి ఉన్నాడు, ఆమె నడవడం చూసి మొహం గోడకు తిప్పుకున్నాడు. ఇంటి గడప దాటి ఆమె ఆ కాలు మీద నడిచింది అదే మొదటిసారి.

మేజిస్ట్రేట్ గారు కాగితాలు చూసి, ఎవరి బలవంతమూ లేకుండా రాజీపడుతున్నారా అని అడిగారు. అవునండి అంది పిన్ని. ఆయన ఆమె కాలి వైపు చూశారు.

“కుర్చీ వేయమంటారా అమ్మా?”

“వద్దండి. నిలబడగలను” అంది.